ఎనిమిదో గ్రేడు తర్వాత నేరుగా ‘నీలి డాన్యూబ్’ పట్టుకోవచ్చా?

పియానో పరీక్షల్లో ఎనిమిదో గ్రేడు పూర్తయింది, జొహాన్ స్ట్రాస్ ‘నీలి డాన్యూబ్’ వాల్ట్జ్‌కు (మూడు దెబ్బల నాట్యగీతం) షుల్జ్-ఎవ్లర్ రాసిన పియానో రూపం వాయించాలని ఉంది, నేరుగా మొదలుపెట్టవచ్చా అని అడిగారు. ఇప్పుడే వద్దు. నేను అలా మొదలుపెట్టి దెబ్బతిన్నాను.

1928లో పియానో విద్వాంసుడు జోసెఫ్ లెవిన్ దాన్ని వాయించి చేసిన రికార్డింగు విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాటి నుంచి రోజుకు మూడు గంటలు కూర్చున్నాను. ఐదో వారానికి కుడి బొటనవేలి మొదట్లో నొప్పి మొదలై, టీ గ్లాసు ఎత్తడం కూడా కష్టమైంది. రెండు నెలలు పియానో మూత తెరవలేదు.

ఆ ఖాళీలో, ఫోనులో అంతకుముందు రికార్డు చేసుకున్నది విన్నాను. అసలు లోపం అప్పుడు తెలిసింది. కుడిచేతి వేగమైన స్వరాల జల్లులు ఫరవాలేదు, కానీ వాల్ట్జ్ ఎక్కడా లేదు. ఎడమచేతిలో మూడు దెబ్బలూ గోడ గడియారంలా సమానంగా పడుతున్నాయి. వియన్నా వాద్యబృందాలు రెండో దెబ్బను వెంట్రుకవాసి ముందుగా వేస్తాయి, మూడోది తేలిగ్గా వదిలేస్తాయి. నాట్యం చేసేవాళ్లను తిప్పేది ఆ నడకే. టిక్కుటిక్కుమని సమానంగా లయ కొట్టే మెట్రోనోమ్ దాన్ని నేర్పలేదు. షుల్జ్-ఎవ్లర్ అల్లికలో చేతులు మునిగిపోయాక దాని మీద ధ్యాస పెట్టే తీరికే ఉండదు.

అందుకే ముందు స్వరకర్త లిస్ట్ పియానోకు రాసిన ‘సువారె ద వియెన్’లో ఆరోది తీసుకోండి. షూబర్ట్ నాట్యగీతాల మీద 1852 ప్రాంతంలో ఆయన రాసిన తొమ్మిదింటిలో ఇది ఒకటి. 1986లో మాస్కో కచేరీలో పియానో విద్వాంసుడు హోరోవిట్జ్ వాయించినది ఇదే. మన కృతిలో సంగతులు పెరిగినట్టు ఇందులో అలంకారం మెల్లగా పెరుగుతుంది, పల్లవి చెవికి అందుతూనే ఉంటుంది. నేను మొదటి రెండు వారాలు అలంకారాలన్నీ తీసేసి, పై రాగం, ఎడమచెయ్యి మాత్రమే వాయించాను. ఎడమచెయ్యి కింది స్వరం నుంచి కార్డ్‌కు (ఒకేసారి మోగే స్వరాల గుంపు) దూకినప్పుడు, మోగించే ముందే వేళ్లు మెట్లను తాకి ఉండాలి. నెమ్మదిగా వాయించేటప్పుడే ఇది అలవాటు చేసుకోండి. వేగంలో తప్పు స్వరాలు సగానికి సగం తగ్గాయి నాకు.

ఆ తర్వాత ఆల్ఫ్రెడ్ గ్రూన్‌ఫెల్డ్. స్ట్రాస్ తన ‘వసంత స్వరాలు’ వాల్ట్జ్‌ను అంకితమిచ్చింది ఈ వియన్నా పియానో విద్వాంసుడికే. స్ట్రాస్ బాణీలతో అల్లిన ఈయన 56వ ఓపస్ (రచన సంఖ్య) కష్టమైనదే, కానీ చేతికి హాయిగా ఉంటుంది. ఆయన స్వయంగా వాయించిన పాత రికార్డింగులు దొరుకుతాయి. గరగరలు పట్టించుకోకుండా ఎడమచెయ్యి వినండి, నేను పైన రాసినదంతా అందులో ఉంది. లిస్ట్ శిష్యుడు టౌసిగ్ స్ట్రాస్ వాల్ట్జ్‌ల మీద రాసినవి తర్వాతి మెట్టు. అందులో ‘బతికేది ఒక్కసారే’ వాల్ట్జ్‌ను రాఖ్మానినోఫ్ 1927లో రికార్డు చేశాడు. స్ట్రాస్ వాల్ట్జ్‌లను పియానోకు అల్లిన మరొకరు, గొడోవ్‌స్కీని మాత్రం ఇప్పట్లో ముట్టుకోకండి. రెండు మూడు బాణీలను ఒకేసారి లోపలి స్వరాల్లో నడిపిస్తాడు, వాటిని విడదీసి వినడానికే నాకు నెలలు పట్టింది.

ఇవన్నీ సర్కస్ విద్యలని నాకు పాఠం చెప్పినవారొకరు తీసిపారేశారు. నేను ఒప్పుకోను. స్ట్రాస్ ఇంటివారి విసనకర్ర మీద ‘నీలి డాన్యూబ్’ స్వరాలు రాసి, దురదృష్టవశాత్తు ఇది నా రచన కాదని సంతకం పెట్టినవాడు మహా స్వరకర్త బ్రామ్స్. అంత మంచి బాణీ దొరికినప్పుడు పియానో దాన్ని వాద్యబృందానికి వదిలేసి ఊరుకుంటుందా?

మూడేళ్ల తర్వాత షుల్జ్-ఎవ్లర్ దగ్గరికి మళ్లీ వచ్చాను. ఈసారి ఒక్కో పేజీలో రాగం ఏ వేలి మీద నడుస్తోందో పెన్సిలుతో గుర్తు పెట్టుకుని, రోజుకు నలభై నిమిషాలు దాటకుండా సాధన చేశాను. నొప్పి రాలేదు. బొటనవేలు ఒక స్వరం మీద ఉంచి చాచితే, దాంతో కలిపి లెక్కిస్తే తొమ్మిదో స్వరం మీ చిటికెనవేలికి అందుతుందో లేదో రాయండి. అందకపోతే ఏ కార్డ్‌లను విడదీసి వాయించుకోవచ్చో పేజీలవారీగా చెబుతాను.