జపాన్‌లోని సెండాయ్‌లో తొమ్మిదో రోజు: చదువుల ప్రయాణం, మీ ప్రశ్నలు

ప్రశ్న: అక్కా నమస్తే. మాది కరీంనగర్. మాస్టర్స్ కోసం సెండాయ్ వచ్చి ఇవాళ్టికి 9 రోజులు. రూమ్ అయితే దొరికింది కానీ రూమ్‌లోంచి బయటికి రావాలంటేనే భయమైతుంది. సిమ్ కోసం పోతే కార్డు మీద అడ్రస్ లేదన్నరు, బ్యాంకుకి పోతే ఫోన్ నంబర్ ఏదన్నరు, వార్డ్ ఆఫీసుకి పోదామంటే భాష రాదు కదా అని ఆగిపోయిన. మొన్న రాత్రి ఫోన్ ఒక్కసారిగా అరిచింది, ఏందని చూసేలోపు మంచం ఊగింది, పొద్దున చూస్తే మా ఫ్లోర్‌లో ఒక్కరు కూడా దాని గురించి మాట్లాడలే. బ్రెడ్డు, అరటిపండ్లు, ఉడకబెట్టిన గుడ్లతోనే నడిపిస్తున్న. ఒక సీనియర్ అన్న ఏమో పర్మిషన్ గిర్మిషన్ తర్వాత చూసుకుందాం, రేపటి నుంచే హోటల్లో పనికి రా అంటున్నడు. ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా అంతా మంచిగుంది అనే చెప్తున్న. వచ్చి తప్పు చేసిన్నా అక్కా?
పేరు వద్దు, సెండాయ్

జవాబు: తమ్ముడూ, తప్పేం చేయలేదు. రేపు పొద్దున్నే వార్డ్ ఆఫీసుకి వెళ్ళు, మిగతావన్నీ దాని తర్వాతే.

అక్కడ దాన్ని కుయకుషో అంటారు. ఇంట్లో దిగిన 14 రోజుల్లోపు అడ్రస్ నమోదు చేయించాలి, అది రూలు, నీకింకా టైముంది. పాస్‌పోర్టు, ఎయిర్‌పోర్టులో ఇచ్చిన రెసిడెన్స్ కార్డు రెండూ పట్టుకెళ్తే కార్డు వెనకాల నీ అడ్రస్ వేసి ఇస్తారు. ఆ ఒక్క లైను లేకనే నిన్ను సిమ్ షాపులో తిప్పి పంపింది. కౌంటర్ దగ్గర "తెన్‌న్యూ తొదొకె" అను చాలు, ఈ ఊళ్ళోకి కొత్తగా వచ్చాను నమోదు చేయండి అని వాళ్ళకి అర్థమైపోతుంది. అయినా ధైర్యం రాకపోతే మీ డిపార్ట్‌మెంట్‌లో అడిగి చూడు, చాలా యూనివర్సిటీల్లో కొత్తగా వచ్చిన ఫారిన్ స్టూడెంట్‌కి తోడుగా ఒక జపనీస్ స్టూడెంట్‌ని ట్యూటర్ అని పెడతారు, ఇలాంటి పనుల కోసమే. అడగడం మొహమాటం అనుకుని చాలామంది మనవాళ్ళు ఆ సాయం వాడుకోనే వాడుకోరు, నాకు అది చూస్తే చాలా బాధేస్తుంది.

అదే రోజు అదే బిల్డింగ్‌లో నేషనల్ హెల్త్ ఇన్సూరెన్స్‌లో కూడా చేరిపో. 3 నెలలకి మించి ఉండేవాళ్ళు చేరాల్సిందే. చేరితే హాస్పిటల్ ఖర్చులో మనం కట్టేది 30 శాతమే, కిందటేడు ఆదాయం లేని స్టూడెంట్‌కి ప్రీమియం కూడా బాగా తగ్గుతుంది. ఇంకోటి, 20 ఏళ్ళు దాటినవాళ్ళందరికీ అక్కడ పెన్షన్ కట్టాలి అని ఉంటుంది, కొన్నాళ్ళకి పోస్టులో ఆ కాగితం వస్తే భయపడి సొరుగులో పడేసేవాళ్ళని చూశాను, అలా చేయకు, స్టూడెంట్స్‌కి కట్టడం వాయిదా వేసే పద్ధతి ఉంది, ఆఫీసులోనే అప్లై చేసుకో.

పేరు విషయం ఒకటి జాగ్రత్త. మన పేర్లు పొడుగు, పైగా ఇంటిపేరు కొందరికి ముందు, కొందరికి వెనకాల, జపాన్‌లో ఫారాల మీద కతాకనా లిపిలో రాయమంటారు. మొదటిరోజు ఎలా రాశావో ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకుని బ్యాంకులో, ఫోన్‌కి, యూనివర్సిటీలో అన్నిచోట్లా అక్షరం మారకుండా అదే రాయి. ఒక అక్షరం దీర్ఘం తేడా వచ్చినా స్కాలర్‌షిప్ డబ్బులు ఖాతాలో పడకుండా వెనక్కి పోవచ్చు. బ్యాంకుల్లో చాలావాటికి వచ్చి ఆరు నెలలు దాటాలి, కొత్త స్టూడెంట్స్ ఎక్కువగా వెళ్ళేది పోస్టాఫీసు బ్యాంకు యూచోకి. ముందు సిమ్, తర్వాత ఖాతా.

ఇక ఆ సీనియర్ మాట. వద్దు తమ్ముడూ, అస్సలు వద్దు. స్టూడెంట్ వీసా మీద పని చేయాలంటే ఇమ్మిగ్రేషన్ పర్మిషన్ ఉండాలి, మొదటిసారి దిగినప్పుడు ఎయిర్‌పోర్టులోనే అడగొచ్చు, అప్పుడు అడగలేదంటే ఇప్పుడు ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో అప్లై చేయాలి. ఆ పర్మిషన్ వచ్చాక నీ కార్డు వెనకాలే రాసి ఉంటుంది. వారానికి 28 గంటలు, రెండు చోట్ల చేసినా అన్నీ కలిపి 28, కాలేజీ పెద్ద సెలవుల్లో మాత్రం రోజుకి 8 గంటల వరకూ. ఎవరు చూస్తారులే అనుకున్నవాళ్ళకి వీసా రెన్యూవల్ దగ్గర ఆగిపోతుంది, అప్పుడు ఆ అన్న వచ్చి నీ ఫీజు కట్టడు. ఇంట్లోవాళ్ళు నీ చదువుకి పెట్టిన డబ్బుని నాలుగు వారాల జీతం కోసం పణంగా పెట్టకు.

ఆ రాత్రి ఫోన్ అరిచింది భూకంపం హెచ్చరికే. 2011 మార్చి 11న వచ్చిన భూకంపం, సునామీ మీ సెండాయ్ చుట్టుపక్కల ఎంత నాశనం చేశాయో అక్కడివాళ్ళకి తెలుసు, చిన్నవాటికి వాళ్ళు మాట్లాడకపోవడం పట్టించుకోక కాదు, వాళ్ళు ముందే సిద్ధంగా ఉంటారు. నువ్వూ ఉండు. మంచం పక్కన చెప్పులు కాదు బూట్లు పెట్టుకో, గాజు పగిలితే కాళ్ళకి అడ్డం, ఒక టార్చి, నీళ్ళ సీసాలు, దగ్గర్లో ఏ స్కూల్‌లో గుమిగూడాలో వార్డ్ ఆఫీసులో అడిగి పగటిపూట ఒకసారి నడిచి చూసిరా. పోలీసుకి 110, అంబులెన్స్‌కి ఫైర్‌కి 119.

మీ ఫ్లోర్‌లో ఎవరూ మాట్లాడరన్న ఆ నిశ్శబ్దం గురించి చెప్పాలి. నేను ఫుకుఒకాలో చదివాను, అక్కడ చెత్త రాత్రిపూట బయట పెట్టాలి, అర్ధరాత్రి బండి వస్తుంది. తర్వాత టోక్యో మారాక అదే అలవాటుగా రాత్రే పెట్టేశాను, అక్కడేమో పొద్దున పెట్టాలి, తెల్లారేసరికి కాకులు సంచి చింపి వీధంతా చేశాయి, పక్కింటి పెద్దావిడ ఒక్కతే ఊడుస్తోంది. పరిగెత్తి సుమిమాసెన్, అంటే క్షమించండి, అని చీపురు అందుకున్నాను. ఆవిడ కోప్పడలేదు, ఏ రోజు ఏ చెత్తో నా క్యాలెండర్ మీద గీసి ఇచ్చింది, ఆ తర్వాత మూడేళ్ళు నేను జపనీస్ మాట్లాడింది ఎక్కువ ఆవిడతోనే. అక్కడ మనుషులు తమంతట తాము వచ్చి పలకరించరు, మనం ఒక్క అడుగు వేస్తే మాత్రం చాలా చేస్తారు.

భాష కూడా నువ్వనుకున్నంత దూరం కాదు. "నేను అన్నం తింటాను" అనేది "వతాషి వ గోహన్ ఒ తబెమసు", చూడు, మాట వెనక మాట అదే వరస, క్రియ చివర్లో, ఇంగ్లీషులోకి తిప్పుకుని ఆలోచిస్తే కష్టం కానీ తెలుగులోంచి నేరుగా వెళ్తే దారి తెలిసినట్టే ఉంటుంది. అక్షరాలు కూడా అ ఇ ఉ ఎ ఒ, క వరస, స వరస, త వరస అని వస్తాయి, ఆ వరస మన సంస్కృత వర్ణమాల చూసి పెట్టుకున్నదే. మనం గారు అన్నట్టు పేరు చివర సాన్. రోజుకి ఐదు అక్షరాలు చొప్పున హిరగనా లిపి పది రోజుల్లో అయిపోతుంది.

తిండి. బ్రెడ్డు ఆపేయ్. అక్కడి బియ్యం ముద్దగా అవుతుంది, పులిహోరకి పనికిరాదు కానీ పెరుగన్నానికి దానంత బాగుండేది ఇంకోటి లేదు, ఇది నేను గట్టిగా చెప్తాను. చక్కెర వేయని మెయిజి బల్గేరియా పెరుగు సూపర్ మార్కెట్లలో దొరుకుతుంది. బెండకాయని ఒకురా అంటారు, ముల్లంగి డైకోన్, వంకాయ నాసు, కందిపప్పు మాత్రం ఆన్‌లైన్ ఇండియన్ షాపుల నుంచి తెప్పించుకో. సాయంత్రం దాటాక వెళ్తే మిగిలిన వాటి మీద సగం ధర స్టిక్కర్లు వేస్తుంటారు. రేపు ఆఫీసు నుంచి వచ్చేటప్పుడే బియ్యం కొనుక్కో, రాత్రికి వేడన్నం తిని ఇంటికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పు. జరిగింది రాసి పంపు, ఎదురుచూస్తుంటా.

ప్రశ్న: అమ్మా, మాది తెనాలి. మా అబ్బాయి వచ్చే నెల జపాన్ వెళ్తున్నాడు. మిక్సీ, కుక్కర్, పచ్చళ్ళు, కరివేపాకు, మందులు అన్నీ సర్దుతున్నాను. ఏమైనా తీసేయాలా? వాడేమో అడిగితే ఏదో ఒకటి పెట్టమంటాడు.

జవాబు: పిన్నిగారూ, మిక్సీ తీసేయండి. మనది 230 వోల్టులు, అక్కడ 100, అది సరిగ్గా తిరగదు. కుక్కర్ అయితే హాస్టల్లో చాలాచోట్ల ఇండక్షన్ పొయ్యే ఉంటుంది, అల్యూమినియం కుక్కర్ దాని మీద వేడెక్కదు, అడుగు ఇండక్షన్‌ది అయితేనే పంపండి. పచ్చి కరివేపాకు, మామిడికాయలు, కూరగాయలు ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు, చికెన్, మటన్ పచ్చళ్ళు అసలు వద్దు, మాంసం ఏ రూపంలో ఉన్నా ఒప్పుకోరు. ఆవకాయ, గోంగూర పచ్చళ్ళు, కందిపొడి, కారప్పొడి గట్టిగా ప్యాక్ చేసి పెట్టండి. మందులు డాక్టర్ చీటీతో నెలకి సరిపడా మాత్రమే, జలుబు మాత్రల్లో సూడోఎఫెడ్రిన్ అనే మందు 10 శాతం మించితే అక్కడ నిషేధం, కాబట్టి అట్ట మీద ఏముందో చదివే పెట్టండి.

ఆ తగ్గిన బరువులో రెండు దుప్పట్లు, ఒక మంచి స్వెట్టర్ పెట్టండి. వాళ్ళ టైము మనకన్నా మూడున్నర గంటలు ముందు, వాడికి రాత్రి 10 అయితే మీకు సాయంత్రం 6:30, దీపం పెట్టే వేళ, అప్పుడు చేయండి ఫోను.