అమ్మానాన్నలను రంగితోతో ద్వీపానికి తీసుకెళ్లొచ్చా?

మహబూబ్‌నగర్ నుంచి అమ్మానాన్న డిసెంబర్‌లో న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ వస్తున్నారు, ఇద్దరికీ అరవై దాటింది, ఆ ఊరి దగ్గరే సముద్రంలో ఉన్న అగ్నిపర్వత దీవి రంగితోతో ఎక్కగలరా, అక్కడ చూసేంత ఏముంది, జంతువులు కనిపిస్తాయా అని అడిగారు. తప్పకుండా తీసుకెళ్లండి. మాది నల్లగొండ దగ్గర పల్లె, రెండేళ్ల కింద నేను మా అమ్మను, నాయనను తీసుకెళ్లాను.

ఫెర్రీలో అరగంట కూడా పట్టదు, నాగార్జునకొండకు లాంచీలో పోయినంతసేపు కూడా కూర్చోం. శిఖరం ఎత్తు 259 మీటర్లు. రేవు నుంచి గంట నడక అంటారు గానీ మాకు ఆగుతూ ఆగుతూ దాదాపు రెండు గంటలు పట్టింది. దారి మెల్లగా ఎక్కుతుంది, పైన చివర్లో చెక్క మెట్లున్నాయి. చెప్పులతో మాత్రం వద్దు. మా నాయన ఎంత చెప్పినా వినకుండా చెప్పులేసుకొచ్చాడు, ఆ గరుకు లావా ముక్కల మీద కాలు జారి అరచెయ్యి గీసుకుపోయింది. మన గుట్టల గ్రానైటు బండలు గుండ్రంగా నున్నగా ఉంటాయి కదా, ఇది అట్లా కాదు, పగిలిన పెంకుల్లా కోసుకుంటుంది. దీవి మీద దుకాణాలు ఉండవు, నీళ్లు మనమే మోసుకుపోవాలి, మనిషికి రెండు లీటర్లు పెట్టుకోండి, నల్లరాయి ఎండకు సెగలు కక్కుతుంది.

అగ్నిపర్వతం అనగానే అమ్మకు టెన్షన్ పట్టుకుంది. అది సముద్రంలోంచి పైకొచ్చి సుమారు 600 ఏళ్లు అయింది, మళ్లీ అక్కడే పేలే అవకాశం తక్కువని శాస్త్రవేత్తల మాట. మీ పిల్లలమర్రికి ఏడొందల ఏళ్లంటారు కదా, అంటే ఆ చెట్టు మొలిచినప్పటికి ఈ దీవే లేదన్నమాట! ఈ లెక్క మీ అమ్మానాన్నకు చెప్పండి, మా వాళ్లకు చెప్పాక వాళ్లు చూసే చూపే మారిపోయింది.

ఎందుకంటే అక్కడ అసలు చూడాల్సింది శిఖరం కాదు, దారి పక్కన నేల. మట్టి అనేదే లేని రాళ్ల గుట్టల్లో పగుళ్లు వెతుక్కుని పొహుతుకావా చెట్టు వేరు దించుతుంది, దాని ఆకులు రాలి కుళ్లి గుప్పెడు మట్టి అవుతుంది, ఆ గుప్పెట్లో ఫెర్న్‌లు, ఇంకో నాలుగు మొక్కలు లేస్తాయి. ఒకచోట ఒట్టి నల్లరాయి, పది అడుగులు దాటితే చిక్కటి నీడ. ప్రపంచంలోకెల్లా పెద్ద పొహుతుకావా అడవి ఇదే. మన నేరేడు, జామల కుటుంబమే, డిసెంబర్‌లో ఎర్రగా పూస్తుంది, మీరు సరైన సమయానికే పోతున్నారు. నాయన నలభై ఏళ్లు చెలకలో రాళ్లేరిన మనిషి, ఆ పగుళ్ల దగ్గర కూర్చుని లేవలేదు. మన ఊరి పేరు దీనికే సరిపోతది, ఇది కదా నల్లకొండ అన్నాడు.

జంతువుల కోసమైతే పోకండి, జింకలూ కోతులూ ఉండవు. న్యూజిలాండ్‌లో పాములే లేవు, పొదల పక్కన భయపడక్కర్లేదని అమ్మకు ముందే చెప్పండి. పక్షులు మాత్రం ఉన్నాయి. గుడ్లు తినే ఎలుకలను, స్టోట్‌లను (ముంగిసలా ఉండే చిన్న వేట జంతువులు) పూర్తిగా తీసేసి 2011లో ఈ దీవిని, దాన్ని ఆనుకున్న మొతుతాపు దీవిని వాటి బెడద లేనివిగా ప్రకటించారు, ఆ తర్వాతే తియెకె లాంటి పిట్టలను మళ్లీ తెచ్చి వదిలారు. నల్లటి ఒళ్లు, వీపు మీద ఇటుక రంగు, ముక్కు దగ్గర ఎర్రటి తోలు వేలాడుతుంటుంది. మాకు అది ఒక్కసారే కనిపించింది. విసనకర్ర తోక పిట్ట మాత్రం, మనం నడిస్తే లేచే పురుగుల కోసం వెంటే వస్తుంది. ఎలుకలు, పురుగులు, కలుపు గింజలు మళ్లీ దీవికి చేరకూడదనే ఫెర్రీ ఎక్కే ముందు బూట్ల మట్టి, గింజలు దులపమంటారు, సంచుల్లో చీమలు కూడా ఉండకూడదు. విసుక్కోకండి, ఒక్క చూలు ఎలుక చేరినా అంత కష్టమూ మట్టిలో కలిసిపోతుంది. పులిహోర, సకినాలు గట్టి మూత డబ్బాల్లో పెట్టుకోండి.

లావా గుహలకు టార్చి కావాలి, లోపల వంగి నడవాలి, మోకాళ్ల నొప్పులుంటే బయటే కూర్చోబెట్టండి. చివరి ఫెర్రీ టైము ఫోన్‌లో అలారం పెట్టుకోండి, అది పోతే ప్రైవేటు పడవకు చాలా డబ్బులవుతాయి.

ఇంకొకటి, నీడలో కిడ్నీ ఫెర్న్ అని ఉంటుంది, ఆకు వెలుతురు దూరేంత పల్చన. ఎండకు ముడుచుకుని వాడినట్టు పడి ఉంటుంది, తడి తగిలితే విచ్చుకుంటుంది. మేం పోయిన రోజు ముడుచుకునే ఉంది, అమ్మ తన సీసాలో నీళ్లు కొన్ని చల్లి చాలాసేపు చూస్తూ నిలబడింది. వీలైతే వాన పడిన మర్నాటికి టికెట్లు తీసుకోండి.