సాయంత్రం పాలు పొద్దునకు విరుగుతున్నాయా? బ్యాక్టీరియా ఎక్కడ చేరుతోందో ఇలా పట్టుకోండి

ప్రశ్న: మాకు పాలిచ్చే పశువులు 14 ఉన్నాయి. బకెట్ రకం మెషీన్‌తో, రెండు క్లస్టర్లు (నాలుగు చన్నులకూ తగిలించే కప్పుల సెట్లు) పెట్టి పాలు తీస్తాం. సాయంత్రం పాలు 40 లీటర్ల క్యాన్లలో పోసి నీళ్ల తొట్టిలో ఉంచుతాం. పొద్దున తీసిన పాలు కూడా వాటిలోనే కలిపి పాల సేకరణ కేంద్రానికి పంపుతాం. వెన్న శాతం, లాక్టోమీటర్ రీడింగ్ బాగానే వస్తున్నాయి. కానీ మిథిలీన్ బ్లూ పరీక్షలో గంటలోపే రంగు పోతోందంటున్నారు. వారంలో రెండు మూడు రోజులు కాచగానే విరుగుతున్నాయి కూడా. పాలు తీయగానే మెషీన్‌ను మరిగే నీళ్లతో కడిగి, రాత్రంతా బ్లీచింగ్ నీళ్లలో నానబెడుతున్నాం. అయినా ఎందుకిలా? కాస్త సోడా కలిపితే విరగవని కొందరు చెబుతున్నారు, కలపొచ్చా?

జవాబు: సోడా వద్దు. పాలు విరగడానికి కారణం బ్యాక్టీరియా తయారుచేసిన ల్యాక్టిక్ ఆమ్లం. సోడా ఆ ఆమ్లాన్ని చంపుతుందే తప్ప బ్యాక్టీరియాను చంపదు, పైగా పులుపు తగ్గితే అవి ఇంకా హాయిగా పెరుగుతాయి. స్టెఫైలోకాకస్ ఆరియస్ లాంటివి బాగా పెరిగితే పాలలోకి విషపదార్థాన్ని వదులుతాయి. పాలు కాచినా అది పోదు. సోడా కలిపిన పాలు విరగవు కాబట్టి తాగేవాళ్లకు ఆ ఆనవాలు కూడా దొరకదు. రోసాలిక్ ఆమ్లం చుక్కలు వేస్తే సోడా ఉన్న పాలు గులాబీ ఎరుపు రంగులోకి మారతాయి, అంటే కేంద్రంలో ఎలాగూ దొరికిపోతారు.

లాక్టోమీటర్ సాంద్రతను చూస్తుంది, వెన్న పరీక్ష కొవ్వును చూస్తుంది. బ్యాక్టీరియా ఎంత ఉందో ఆ రెండింటికీ తెలియదు. మిథిలీన్ బ్లూ ఒక నీలి రంగు, పాలలో బ్యాక్టీరియా ఎంత ఎక్కువుంటే అంత త్వరగా ఆ రంగు పోతుంది. మీ పాలలో లోపం కనిపించింది అందులోనే, కాబట్టి దాన్నే ఆధారం చేసుకుందాం.

ముందు రాత్రి ఏం జరుగుతుందో లెక్క చూడండి. ఆరోగ్యంగా ఉన్న పొదుగు నుంచి వచ్చే పాలలో మిల్లీలీటరుకు బ్యాక్టీరియా వందల్లోనో, కొన్ని వేలల్లోనో మాత్రమే ఉంటుంది. బకెట్, లైనర్లు (కప్పుల లోపల చన్నును పట్టుకునే రబ్బరు తొడుగులు), క్యాన్ దాటేసరికి అది 20,000 అయిందనుకోండి. పాలకు సహజంగా ఉన్న నిరోధక గుణం మొదటి రెండు గంటల పాటు వాటిని కాస్త ఆపుతుంది. ఆ తర్వాత గంటకోసారి మాత్రమే రెట్టింపైనా పది గంటల్లో వెయ్యి రెట్లవుతాయి. అంటే తెల్లారేసరికి మిల్లీలీటరుకు 2 కోట్లు. వెచ్చగా ఉన్న పాలలో అరగంటకే రెట్టింపయ్యే రకాలూ ఉన్నాయి. 2 కోట్ల దగ్గర పాలు కాచితే విరిగే స్థితికి వచ్చేసినట్టే. ఐరోపా సమాఖ్యలో పచ్చి ఆవుపాలకు పెట్టిన పరిమితి మిల్లీలీటరుకు లక్ష.

అయితే తప్పు చల్లబరచడంలో ఉందా, కడగడంలో ఉందా, పొదుగులోనే ఉందా అనేది ఊహించి మందులూ పౌడర్లూ కొనకండి. ఒక్క రోజు కష్టపడితే మీ షెడ్డులోనే తేలిపోతుంది. కావాల్సినవి పది టెస్ట్‌ట్యూబులు, వాటి రబ్బరు బిరడాలు, థర్మామీటర్, మిథిలీన్ బ్లూ మాత్రలు. ట్యూబులు, బిరడాలు, పాలు తీసుకునే గరిటె 20 నిమిషాలు నీటిలో మరిగించి, బోర్లించి ఆరనివ్వండి. మాత్రను పొట్లం మీద చెప్పినంత నీటిలో కరిగించండి. ఆ నీరు మరిగించి చల్లార్చినదై ఉండాలి. ద్రావణాన్ని రంగు సీసాలో, వెలుతురు తగలకుండా ఉంచండి.

ఇప్పుడు దశల వారీగా నమూనాలు తీయండి. ఒకటి, శుభ్రం చేసిన చన్నుల నుంచి మూడు నాలుగు పశువులవి చేత్తో నేరుగా ట్యూబులోకి. రెండు, మెషీన్ బకెట్ నుంచి, మొదట పట్టిన పశువు పాలు. మూడు, వడపోశాక క్యాన్‌లో నిండిన వెంటనే. నాలుగు, అదే క్యాన్ నుంచి తెల్లవారుజామున, పొద్దున పాలు కలపకముందు. ఐదు, కలిపాక బండి ఎక్కించే ముందు. క్యాన్ నుంచి తీసేటప్పుడు అడుగు దాకా బాగా కలిపి తీయాలి, ఎందుకంటే మీగడ పైకి తేలేటప్పుడు బ్యాక్టీరియాను కూడా వెంట తీసుకెళుతుంది. సాయంత్రం తీసిన నమూనాలకు పరీక్ష అప్పుడే మొదలుపెట్టాలి, పొద్దున దాకా దాచి అన్నీ కలిపి చేస్తే పరీక్షకు అర్థం లేదు.

ఒక్కో ట్యూబులో 10 మి.లీ. పాలు, 1 మి.లీ. రంగు ద్రావణం పోసి బిరడా పెట్టి మెల్లగా ఒకసారి తలకిందులు చేయండి. 37 డిగ్రీల నీటిలో నిలబెట్టండి. ట్యూబులోని పాలకంటే నీటి మట్టం పైన ఉండాలి, మూత పెట్టి చీకటిగా ఉంచాలి. పక్కన రెండు ట్యూబులు పోలికకు పెట్టుకోండి: కాచి చల్లార్చిన పాలలో రంగు కలిపినది ఒకటి, రంగు లేని పాలు ఒకటి. అరగంటకు మొదటిసారి, ఆ తర్వాత గంటగంటకూ చూడండి. చూసిన ప్రతిసారీ ఇంకా నీలంగా ఉన్నవాటిని ఒకసారి తలకిందులు చేయండి, గిలకొట్టకండి. గాలి కలిస్తే పోయిన రంగు మళ్లీ వస్తుంది. పైన 5 మిల్లీమీటర్ల నీలి వలయం మిగిలినా ఫర్వాలేదు, కింద అంతా తెల్లబడితే రంగు పోయినట్టే. 5 గంటలు దాటి నిలిస్తే చాలా మంచి పాలు, 3, 4 గంటలైతే మంచివి, గంట, రెండు గంటలైతే ఒక మోస్తరు, అరగంటకే పోతే పనికిరానివి.

ఫలితాన్ని చదవడం తేలికే. పొదుగు నుంచి నేరుగా తీసినవే త్వరగా తెల్లబడితే పొదుగువాపు ఉన్నట్టు అనుమానించాలి. పొదుగు పాలు నిలిచి, బకెట్ పాలు నిలవకపోతే తప్పు లైనర్లది, గొట్టాలది, బకెట్‌ది. బకెట్ దాకా బాగుండి క్యాన్‌లో చెడితే వడకట్టు గుడ్డనూ క్యాన్‌నూ పట్టుకోండి. సాయంత్రం 5 గంటలు నిలిచిన క్యాన్ పాలు తెల్లారి గంటకే తెల్లబడితే అది చల్లబరచడంలో లోపం. మీరు రాసినదాన్ని బట్టి రెండో రకం, నాలుగో రకం రెండూ ఉండొచ్చని నా అంచనా.

ఈ పరీక్ష మోసం చేసే సందర్భాలూ ఉన్నాయి. యాంటీబయాటిక్ వేసిన పశువు పాలు కలిస్తే బ్యాక్టీరియా పనిచేయక రంగు గంటల తరబడి నిలుస్తుంది. చూడటానికి మేలైన పాలు, నిజానికి అమ్మకూడని పాలు. ఫ్రిజ్‌లోనో చిల్లర్‌లోనో ఉంచిన పాలలో పెరిగే సూడోమోనాస్ జాతి 37 డిగ్రీల దగ్గర అంత చురుగ్గా ఉండదు, కాబట్టి పరీక్ష వాటిని తక్కువ చేసి చూపుతుంది.

ఇక పొదుగు సంగతి. ప్రతి చన్ను నుంచీ మొదటి మూడు నాలుగు ధారలు నల్లటి గిన్నెలోకి తీయండి. రేకులు, గడ్డలు, నీళ్లలాంటి పాలు నలుపు మీద స్పష్టంగా కనిపిస్తాయి. ఆ ధారలు నేల మీద పిండకండి, మళ్లీ పొదుగుకే అంటుతాయి. పైకి కనిపించని వాపుకు, బట్టలుతికే సబ్బు పొడి 3 గ్రాములు 100 మి.లీ. నీటిలో కరిగించి, నాలుగు చన్నుల పాలూ నాలుగు గిన్నెల్లో విడివిడిగా తీసి సమానంగా ఈ ద్రావణం కలిపి గుండ్రంగా తిప్పండి. పాలు జిగురుగా, సాగుతూ, గిన్నె మధ్యకు గుట్టలా చేరితే ఆ చన్నులో వాపు ఉంది. ఈనిన మొదటి వారంలో, పాలు ఎండిపోబోయే దశలో ఆరోగ్యంగా ఉన్నా ఇలా జిగురు కట్టవచ్చు, తొందరపడి మందు వేయకండి. వాపు ఉన్న పశువును చివరన పితకాలి, ఆ పాలు కలపకూడదు, వైద్యుణ్ని పిలవాలి. ఒక్క చన్నులో స్ట్రెప్టోకాకస్ వాపు ఉన్నా మిల్లీలీటరుకు కోటి దాకా బ్యాక్టీరియా వదలగలదు. మొత్తం క్యాన్ లెక్క పాడవడానికి అదొక్కటి చాలు.

చన్నులు శుభ్రం చేసేటప్పుడు చాలామంది పొదుగంతా బకెట్ నీళ్లతో కడిగి, తడి ఆరకుండానే క్లస్టర్ తగిలిస్తారు. ఆ తడి పేడ కణాలతో సహా జారి లైనర్‌లోకి వెళుతుంది. చన్నుల వరకే తడపండి. 0.5 శాతం అయోడిన్ ద్రావణంలో ముంచి 30 సెకన్లు ఆగి, ఒక్కో పశువుకు ఒక్కో పొడి గుడ్డతో చన్ను చివర దాకా తుడవండి. పాలు తీశాక మళ్లీ ముంచితే తుడవక్కర్లేదు. ఒకే గుడ్డతో 14 పశువులను తుడిస్తే వాపును మీరే పంచిపెట్టినట్టు.

కడగడం దగ్గర మీరు చేస్తున్న పని మీద నాకు ఎక్కువ అనుమానం. మరిగే నీళ్లు ముందు పోస్తే పాలలోని మాంసకృత్తులు ఉడికి లోపలి గోడలకు అంటుకుపోతాయి. ఆ పొర మీద గట్టినీటి లవణాలు చేరి ‘పాలరాయి’ (మిల్క్‌స్టోన్, అంటే రాయిలా గట్టిపడిన పాల పొర) అవుతుంది. బ్యాక్టీరియా దాని కింద దాక్కుంటుంది. బ్లీచింగ్ నీళ్లలోని క్లోరిన్ ఈ పొర మీదే ఖర్చయిపోయి లోపలికి చేరదు. రాత్రంతా నానబెట్టడం వల్ల జరిగేదల్లా రబ్బరు పాడవడమే. కడిగి ఆరిన బకెట్‌ను ఎండలో పట్టుకుని చూడండి. పసుపు, తెలుపు కలిసిన పలుచని పొర, వేలికి గరుకుగా తగలడం, నీళ్లు పోస్తే పరుచుకోకుండా బొట్లుగా నిలవడం ఉంటే పాలరాయి కట్టినట్టే.

పాలు తీయడం పూర్తయిన వెంటనే, పాలు ఆరకముందే, 38 నుంచి 43 డిగ్రీల గోరువెచ్చని నీటితో, నీరు తేటగా వచ్చేవరకు తొలపండి. చన్నీళ్లయితే కొవ్వు గడ్డకడుతుంది. తర్వాత 70 డిగ్రీల నీటిలో డెయిరీ క్షార డిటర్జెంట్, అది లేకపోతే లీటరుకు 10 గ్రాముల వాషింగ్ సోడా వేసి, బ్రష్‌తో లైనర్ల లోపల, క్లా (నాలుగు కప్పుల పాలు కలిసే చిన్న గిన్నె) మూత కింద, బకెట్ మూత వాషర్ అంచున రుద్దండి. నీరు 45 డిగ్రీలకు దిగకముందే పారబోయాలి, లేకపోతే వదిలిన కొవ్వు మళ్లీ అంటుకుంటుంది. శుభ్రమైన నీటితో తొలిపి, అన్నీ తలకిందులుగా వేలాడదీయండి. తడిగా మూత పెట్టిన క్యాన్‌లో రాత్రికి రాత్రే బ్యాక్టీరియా పెరుగుతుంది. వారానికోసారి డెయిరీ ఆమ్ల క్లీనర్‌ను డబ్బా మీద చెప్పిన మోతాదులో వాడితే పాలరాయి కరుగుతుంది. ఆమ్లాన్నీ క్లోరిన్‌నూ ఒకే నీటిలో ఎప్పుడూ కలపకండి, ప్రాణాంతకమైన క్లోరిన్ వాయువు వస్తుంది.

క్లోరిన్ వాడాల్సింది పాలు తీయడానికి ముందు. 5 శాతం సోడియం హైపోక్లోరైట్ లీటరు నీటికి 4 మి.లీ. వేస్తే 200 పీపీఎం (పది లక్షల భాగాల్లో 200 భాగాల క్లోరిన్) అవుతుంది. 30 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడర్ అయితే లీటరుకు 0.7 గ్రాములు, తేరుకున్న పై నీరే వాడాలి. శుభ్రంగా ఉన్న సామాను మీద రెండు నిమిషాలు చాలు, తర్వాత పూర్తిగా ఒంపేయండి. వడకట్టు గుడ్డ వెంట్రుకలను ఆపుతుంది, బ్యాక్టీరియాను ఆపదు. దాన్ని రోజూ మరిగించి ఎండలో ఆరేయాలి.

రబ్బరు లైనర్ సుమారు 2,500 సార్లు పాలు తీశాక మార్చాలి. మీ 14 పశువులు, రెండు పూటలు, రెండు క్లస్టర్ల లెక్కన ఒక్కోదానికి రోజుకు 14 సార్లు, అంటే ఆరు నెలలకు ఒకసారి. పాతదాన్ని ఒకటి నిలువునా కోసి లోపలి వైపు సాగదీసి చూడండి, సన్నని పగుళ్లు విచ్చుకుంటాయి. వేలికి నల్లగా అంటితే రబ్బరు అరిగిపోయిందని. ఆ పగుళ్లలోకి బ్రష్ దూరదు.

చల్లబరచడంలో గడియారమే ముఖ్యం. పాలు తీసిన రెండు గంటల్లో 4 డిగ్రీలకు దించాలి. నిలవ నీళ్ల తొట్టి ఎంత పెద్దదైనా ఆ నీటి ఉష్ణోగ్రతకంటే కిందికి పాలు దిగవు. ఐస్ అయితే 10 లీటర్ల పాలను 35 నుంచి 4 డిగ్రీలకు దించడానికి లెక్క ప్రకారం మూడున్నర కిలోలు, బయటి వేడిని కూడా కలుపుకుంటే 5 కిలోల దాకా కావాలి. క్యాన్ మెడ వరకు ఐస్ నీరు ఉండాలి, శుభ్రమైన గరిటెతో పది నిమిషాలకోసారి కలపాలి. కలపకపోతే క్యాన్ అంచు చల్లబడి నడుమ వెచ్చగానే ఉంటుంది, 40 లీటర్ల క్యాన్‌లో ఈ తేడా చాలా ఎక్కువ. ఐస్‌ను పాలలో వేయకూడదు. పొద్దున పాలు వేడిగా తెచ్చి రాత్రి పాలలో పోయడం మానండి. విడిగా చల్లబరచి కలపండి, కుదరకపోతే వేరే క్యాన్‌లోనే పంపండి. చిల్లర్ కొన్నా శుభ్రత తప్పదు. 4 డిగ్రీల దగ్గర కూడా సూడోమోనాస్ మెల్లగా పెరుగుతుంది. దాని ఎంజైములు కాచినా చావక పాలను చేదుగా మారుస్తాయి.

చల్లబరిచే వీలే లేని చోట్ల కోసం అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ 1991లో ల్యాక్టోపెరాక్సిడేజ్ (పాలలో సహజంగా ఉండే ఎంజైము) పద్ధతికి మార్గదర్శకాలు ఇచ్చింది: లీటరుకు 14 మి.గ్రా. సోడియం థయోసయనేట్, తర్వాత 30 మి.గ్రా. సోడియం పెర్‌కార్బొనేట్. 30 డిగ్రీల దగ్గర 7, 8 గంటలు నిలుస్తుంది. స్థానిక అధికారుల అనుమతి, శిక్షణ ఉన్న మనిషి లేకుండా రైతు సొంతంగా వేసుకునేది కాదు. పైగా ఇది పెరుగుదలను ఆపుతుంది గానీ మురికి పాలను మంచి పాలుగా మార్చదు.

ఇవన్నీ సరిచేశాక, పది రోజులకు అవే ఐదు దశల ట్యూబులు మళ్లీ పెట్టండి. అప్పటికీ రంగు నిలవకపోతే మరిగించిన సీసాలో 100 మి.లీ. పాలు తీసి, ఐస్ పెట్టెలో 4 డిగ్రీల లోపు ఉంచి, గడ్డకట్టనివ్వకుండా 24 గంటల్లో ల్యాబ్‌కు చేర్చండి. మొత్తం సంఖ్య ఒక్కటే అడగకండి. కోలిఫాం (పేడలో ఉండే బ్యాక్టీరియా) సంఖ్య, 63 డిగ్రీల వద్ద 30 నిమిషాలు వేడిచేశాక మిగిలే సంఖ్య కూడా అడగండి. కోలిఫాం మిల్లీలీటరుకు 100 దాటితే పేడ, తడి చన్నులు కారణం. 1,000 దాటితే అవి సామానులోనే పెరుగుతున్నాయి. వేడిచేశాక మిగిలినవి 300 దాటితే పాలరాయి, పాత రబ్బరు ఇంకా ఉన్నాయని అర్థం. అప్పుడు ముందుగా లైనర్లు, గొట్టాలు, బకెట్ మూత వాషర్ ఒకేసారి మార్చండి.