ఓడ దిగి ఊరు చూసినందుకు కొడుకు అలిగాడు

ప్రశ్న: మాది విజయనగరం. నాకు 61 ఏళ్లు, మావారికి 66. మా అబ్బాయి సింగపూర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న వేసవిలో మమ్మల్ని పిలిపించుకుని, కోడలు, ఇద్దరు మనవలతో కలిపి నాలుగు రాత్రుల ఓడ ప్రయాణానికి తీసుకువెళ్లాడు. రెండో రోజు ఓడ మలేషియాలోని పెనాంగు రేవులో ఆగింది. పెనాంగు కొండ, కెక్ లోక్ సి గుడి చూడటానికి అందరికీ ముందే టికెట్లు తీశాడు. నాకు మోకాళ్ల నొప్పులు, ఓడలోనే ఉంటానన్నాను. నాకు తోడుగా మావారు ఉండిపోయారు. పిల్లలు వెళ్లాక పై డెక్కు మీద కాఫీ తాగుతూ రెండు గంటలు హాయిగా కూర్చున్నాను. తరవాత మావారు, ఒకసారి దిగి రేవు చూసి వద్దామన్నారు (వాళ్ల తాతగారు ఎప్పుడో మలయా తోటల్లో పనికి వెళ్లి అక్కడే దిగారట, అది వేరే సంగతి). మెల్లగా నడిచి మారియమ్మ గుడి దాకా వెళ్లి, కాసేపు కూర్చుని, టీ తాగి వచ్చాం. మావారి చేతి గడియారం ఎక్కడికి వెళ్లినా మన ఊరి టైమే చూపిస్తుంది, మార్చరు. లెక్కలో అరగంట పొరపాటు పడింది. నాలుగున్నరకల్లా ఓడలో ఉండాలి, మేము వచ్చేసరికి నాలుగూ ఇరవై. అబ్బాయి ఓడ మెట్ల దగ్గరే నిలబడి ఉన్నాడు. అందరి ముందూ నన్ను కేకలేశాడు. "కొండకు రమ్మంటే మోకాళ్ల నొప్పులు, ఊరంతా తిరగడానికి నొప్పులు లేవా?" అన్నాడు. కోడలు ఒక్క మాట మాట్లాడలేదు. తిరిగి వచ్చి నెల దాటింది. ఆదివారం ఫోను చేసి నాన్నతో మాట్లాడి పెట్టేస్తాడు. వచ్చే ఏడాది మళ్లీ తీసుకువెళతానని ఆయనతో అంటున్నాడట. నాకు వెళ్లాలని లేదు. ఒక పూట ప్రశాంతంగా ఉండాలనుకోవడం తప్పా? నేను క్షమాపణ చెప్పాలా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఇది తల్లీకొడుకుల తగువు అనుకున్నాను. రెండోసారి బ్రాకెట్లో పెట్టిన వాక్యం దగ్గర ఆగిపోయాను. "అది వేరే సంగతి" అని రాశారు. నాకు మాత్రం అసలు సంగతి అదేననిపించింది. దాని దగ్గరికి తరవాత వస్తాను. ముందు మీరడిగిన దానికి జవాబు చెబుతాను.

ప్రశాంతంగా కూర్చోవాలనుకోవడం తప్పు కాదు. ఓడ రేవులో ఆగిన రోజు ఓడలో ఉండిపోవడం వింత కూడా కాదు. ఆ పద్ధతి తెలిసినవాళ్లు కావాలనే ఆ పని చేస్తారు. జనమంతా ఊరు చూడటానికి దిగిపోతారు, ఓడ సగానికి పైగా ఖాళీ అవుతుంది. ఈత కొలను దగ్గర కుర్చీలు దొరుకుతాయి, భోజనాల దగ్గర వరుస ఉండదు, లిఫ్టు కోసం నిలబడనక్కరలేదు. మీరు కాఫీ కప్పుతో కూర్చున్న ఆ రెండు గంటలకు కూడా అబ్బాయి డబ్బు కట్టాడు. ఆ డబ్బు వృథా కాలేదని అతనికి ఎవరూ చెప్పలేదు, మీతో సహా.

ఇక మోకాళ్ల మాట. నొప్పి ఉన్నవారికి చదును నేల మీద నాలుగడుగులు వేసి కూర్చోవడం వేరు, మెట్లు ఎక్కి దిగడం వేరు. దిగడం మరీ కష్టం. కెక్ లోక్ సి కొండవాలు మీద కట్టిన గుడి, చాలాచోట్ల మెట్లే. పెనాంగు కొండకు రైలు ఉంది కాబట్టి ఎక్కనక్కరలేదు గానీ, రద్దీ రోజున ఆ రైలు కోసం వరుసలో నిలబడాలి. రేవు నుంచి మారియమ్మ గుడి దాకా మాత్రం అంతా చదునే. రేవు దాటగానే గంటస్తంభం, ఆ పక్కనే పాత కోట, ఇంకొంచెం నడిస్తే పూలదండల అంగళ్లు, ఆ సందడిలో 1833 నాటి గుడి. మన విజయనగరంలో గంటస్తంభం నుంచి కోట దాకా నడిచినట్టే. మధ్యలో కూర్చుంటూ వెళితే మీ మోకాళ్లు ఒప్పుకున్నాయి. అబ్బాయి అన్న ఆ మాట తప్పు. తప్పని తెలిసే ఉంటుంది, అందుకే మీతో మాట్లాడలేకపోతున్నాడు. ఫోనులో మిమ్మల్ని దాటేస్తున్నది కోపంతో కాదు, మొహం చెల్లకేనని నా అంచనా.

అయితే మీ వైపు తప్పు లేదని రాయను. ఓడలో ఉంటామని చెప్పి దిగారు. గదిలో చీటీ పెట్టలేదు. మీ ఫోన్లు అక్కడ పనిచేసి ఉండవు. పనిచేసి ఉంటే అబ్బాయి ఓడ మెట్ల దగ్గర నిలబడేవాడే కాదు. ఆ పూట అతనికి ఎలా గడిచిందో ఒక్కసారి ఊహించండి. కొండ నుంచి వచ్చాడు. పిల్లలు అలసిపోయి ఏడుపు మొహాలు పెట్టి ఉంటారు. మీ గది తలుపు కొట్టాడు, పలకలేదు. డెక్కు చూశాడు, భోజనాల గది చూశాడు, చివరికి కింద కౌంటరులో అడిగాడు. ఓడ దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ మన కార్డు మిషను మీద పెట్టించుకుంటారు కదా, అందుకని ఎవరు లోపల ఉన్నారో ఎవరు బయట ఉన్నారో వాళ్లకు తెలుస్తుంది. "మీ అమ్మానాన్నా దిగారు, తిరిగి రాలేదు" అన్నారు. ఎక్కడికి వెళ్లారో తెలియదు, ఎప్పుడు వస్తారో తెలియదు. ఆలస్యంగా వచ్చినవాళ్ల కోసం ఓడ ఆగదని అతనికి తెలుసు. ఓడవాళ్లే నడిపే టూరులో ఆలస్యమైతే ఆగుతారు గానీ, సొంతంగా తిరగడానికి వెళ్లినవాళ్లు తరవాతి రేవుకు తమ ఖర్చుతో, తమ తంటాలతో చేరుకోవలసిందే. అరవై దాటిన ఇద్దరు, భాష రాని ఊళ్లో, జేబులో ఎంత ఉందో తెలియదు. అంతసేపు కడుపులో దడ పెట్టుకున్నవాడు, మీరిద్దరూ టీ తాగిన మొహాలతో తాపీగా నడిచి రావడం చూశాడు. అప్పుడు వచ్చే కేక ప్రేమగా రాదు.

నా చిన్నప్పుడు విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజు ఇంట్లోంచి బయలుదేరే ముందే మా నాన్నగారు ఒక మాట చెప్పేవారు: "తప్పిపోతే వెతకొద్దు, గంటస్తంభం దగ్గరికి వచ్చేయండి." మూడు లాంతర్ల కూడలి నుంచి కోట దాకా పూజారి కూర్చున్న సిరిమాను మూడుసార్లు తిరిగే ఆ జనంలో మేము తప్పిపోయిన ఏళ్లు ఉన్నాయి, కంగారు పడిన ఏడు లేదు. ఇప్పటికీ పండగనాడు ఊరంతా చేసే ఏర్పాటు ఇదే. పైడితల్లమ్మ పండగ చూసిన మీకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఊరు దాటగానే మరిచిపోయారు, అంతే.

కాబట్టి క్షమాపణ చెప్పండి, కానీ దేనికి చెబుతున్నారో అది మాత్రమే చెప్పండి. "చీటీ పెట్టకుండా దిగాం, నిన్ను కంగారు పెట్టాం, అది నా పొరపాటు నాన్నా." అక్కడితో ఆపేయండి. కొండకు రానందుకు చెప్పకండి. డెక్కు మీద కూర్చున్నందుకు చెప్పకండి. మన ఆడవాళ్లకు ఒక అలవాటు ఉంది: ఒకదానికి క్షమించమని మొదలుపెట్టి, పుట్టినందుకు దాకా వెళతాం. అలా చేస్తే వచ్చే ఏడాది కూడా మోకాళ్లు పట్టుకుని కొండ మెట్ల మీద కూర్చుంటారు.

కోడలి సంగతి: ఇద్దరు అలసిన పిల్లలు, మండిపడుతున్న భర్త, ఎదురుగా అత్తమామలు. ఆమె నోరు విప్పకపోవడమే మంచిదయింది. దాన్ని మనసులో పెట్టుకోకండి.

ఇప్పుడు ఆ బ్రాకెట్లోని వాక్యం. మీ ఉత్తరం ప్రకారం దిగుదామన్నది మీవారు. రేవు చూడాలన్న కోరిక మీవారిది. గడియారం మీవారిది, అరగంట పొరపాటు మీవారిది. మనకూ మలేషియాకూ తేడా రెండున్నర గంటలు, ఆయన రెండే కలుపుకున్నట్టున్నారు. కేకలు తిన్నది మాత్రం మీరు. ఓడ మెట్ల దగ్గర కొడుకు మిమ్మల్ని ఆ మాటంటున్నప్పుడు ఆయన ఏమన్నారో మీరు రాయలేదు. ఏమీ అనలేదని అనుకుంటున్నాను. ఈ నెల రోజులుగా ఆదివారం ఫోనులో కొడుకుతో మాట్లాడుతూ కూడా "దిగుదామన్నది నేనేరా" అని చెప్పినట్టు లేదు. మీరు ఆయన్ను కాపాడుతున్నారు. నలభై ఏళ్ల కాపురంలో అది ఎంత అలవాటైపోయిందంటే, నాకు రాసిన ఉత్తరంలో కూడా ఆయన భాగాన్ని బ్రాకెట్లో దాచేశారు.

ఆయన మీద నాకు కోపమేమీ లేదు. ఆయన ఎందుకు చెప్పలేదో కొంత ఊహించగలను. మన జిల్లాల నుంచి ఆ కాలంలో ఎంతమంది వెళ్లారో మీకు తెలియనిది కాదు. భీమిలి, కళింగపట్నం నుంచి స్టీమర్లలో రంగూనుకు వెళ్లేవారు. మలయా తోటలకు వెళ్లే స్టీమర్లు మద్రాసు, నాగపట్నం రేవుల నుంచి కదిలి పెనాంగు చేరేవి. కంగాణీలు, అంటే కూలీల మేస్త్రీలు, ఊళ్లమీద పడి మనుషుల్ని పోగుచేసి తీసుకువెళ్లేవారు. పెనాంగు వెళ్లగానే ఊళ్లోకి రానిచ్చేవారు కాదు. రోగాలు అంటుతాయని పక్కనున్న జెరెజాక్ దీవిలో కొన్నాళ్లు ఉంచి, ఆ తరవాత తోటలకు పంపేవారు. 1938లో అప్పటి భారత ప్రభుత్వం మలయాకు కూలీలను పంపడం ఆపించేదాకా ఇది సాగింది. మీవారి తాతగారు అలా వెళ్లినవారిలో ఒకరు. ఇలాంటి సంగతి చాలా ఇళ్లలో గొప్పగా చెప్పుకోరు. కరువుకో అప్పుకో వెళ్లారు, కూలికి వెళ్లారు. తరవాతి తరాలు చదువుకుని ఉద్యోగాల్లో కుదురుకున్నాక ఆ కథ అటకెక్కుతుంది. తాత కూలీగా దిగిన రేవులో మనవడు కొడుకు డబ్బుతో నాలుగు రాత్రుల విలాసపు ఓడ దిగాడు. ఆ మాట కొడుకుతో, కోడలితో, మనవలతో టిఫిను బల్ల దగ్గర ఎలా మొదలుపెట్టాలో తెలియలేదేమో. అందుకే పిల్లలు వెళ్లేదాకా ఆగి, "రేవు చూసి వద్దాం" అన్నారు. ఆయన మీ మోకాళ్ల కోసమే ఓడలో ఉండిపోయారని మీరు రాశారు. నాకు అనుమానమే.

ఈ సంగతి అబ్బాయికి తెలిసి ఉంటే ఆ రోజు టికెట్లు కొండకు తీసేవాడా? ముత్తాత దిగిన రేవు అది. అతను కూడా పొట్ట చేతబట్టుకుని అటువైపే వెళ్లినవాడు. చూడమ్మా, అతను అడగలేదన్నది నిజమే, మీరూ చెప్పలేదు. ముందే ఏర్పాట్లన్నీ చేసేసి తల్లిదండ్రుల్ని ఆశ్చర్యపెట్టాలనుకునే కొడుకులు ఇలాగే దెబ్బ తింటారు. ఆ సంబరం కొండంత ఉంటుంది, కానీ ఎదుటివాళ్లకు ఏం కావాలో అడిగే చోటు అందులో ఉండదు.

మీవారికి ఈ జవాబు చదివి వినిపించండి. నొచ్చుకుంటారు, నొచ్చుకోనివ్వండి. ఆ తరవాత ఆయన కొడుకుతో రెండు మాటలు చెప్పాలి. ఒకటి: దిగుదామన్నది, టైము తప్పు లెక్కపెట్టింది తానే, అమ్మను అనవసరంగా అన్నావని. రెండు: తాతగారి సంగతి, తనకు తెలిసినంత వరకు. వెళ్లిన ఊరి పేరు, తోట పేరు, తిరిగి వచ్చారా లేదా, ఇంట్లో ఆయన తెచ్చిన వస్తువేదైనా మిగిలి ఉందా. తెలియనివి ఉంటే మీ అత్తవారి తరఫు పెద్దవాళ్లను ఇప్పుడే అడగండి, ఆలస్యం చేయకండి.

వచ్చే ఏడాది ప్రయాణానికి ఇప్పుడే వద్దనకండి, ఇప్పుడే సరేననీ అనకండి. మళ్లీ మాటలు కలిసి నాలుగు ఆదివారాలు గడిచాక, టికెట్లు కొనేముందే మీరు ఒక షరతు పెట్టండి: ఓడ ఆగిన ప్రతి ఊళ్లోనూ పిల్లల కార్యక్రమం పిల్లలది, మీ పూట మీది. ఓడవాళ్లు రోజూ గదిలోకి ఒక కాగితం పంపిస్తారు. తిరిగి రావలసిన టైము, ఆ రేవులో ఓడ తరఫు ఏజెంటు ఫోను నంబరు అందులో ఉంటాయి. దిగేటప్పుడు దాన్ని మీ చేతి సంచిలో పెట్టుకోండి. బల్ల మీద చీటీ రాసి పెట్టండి. మీవారిని గడియారం మార్చమని పోరు పెట్టకండి, అది మారదు. మీరొక గడియారం కొనుక్కుని ఓడ టైముకు పెట్టుకోండి.

ఆదివారం ఫోను వచ్చినప్పుడు స్పీకరు పెట్టవద్దు. ఫోను మీవారి చేతికిచ్చి వంటింట్లోకి వెళ్లిపోండి. ఆయన పిలిచేదాకా రాకండి.