ముప్పై వేల పిస్టల్‌తో పది కొట్టొచ్చా?

పోయిన సంచికలో ఒక జవాబు చివర, మాటవరసకి, ఈమధ్య ఒక ఎయిర్ పిస్టల్ కొన్నానని రాశాను. ఆ ఒక్క వాక్యానికి వచ్చినన్ని ఉత్తరాలు ఏడాదిపాటు కరెంటు బిల్లుల మీదా, అద్దె అగ్రిమెంట్ల మీదా నేను రాసిన జవాబులన్నిటికీ కలిపి రాలేదు. సరే, ఈ నెల పేజీ మొత్తం దానికే. ముందే చెప్పేస్తున్నా, నేను కోచ్‌ని కాదు, మెడల్ మొహం చూడలేదు, నలభై ఆరేళ్లకి కళ్లజోడు తుడుచుకుంటూ మొదలుపెట్టినవాణ్ణి.

ప్రశ్న: మీరు కొన్నది చౌక రకమని రాశారు. మొదటి రోజు ఎలా అనిపించింది? పెట్టిన డబ్బుకి న్యాయం జరిగిందా? నాకూ కొనాలనుంది కానీ లక్షలు పెట్టలేను సార్. (ఒక పాఠకుడు, కూకట్‌పల్లి)

జవాబు: పోటీల్లో పెద్దవాళ్లు వాడే స్టేయర్, మొరీని, వాల్తర్, పార్డీనీ లాంటివి లక్షల్లో ఉంటాయి. నాది సెకండ్ హ్యాండ్, ముప్పై వేల లోపే. సింగిల్ స్ట్రోక్ అంటారు, అంటే లివర్ ఒక్కసారి పూర్తిగా తెరిచి మూస్తే లోపల గాలి బిగుస్తుంది, ఆ గాలి ఒక్క షాట్‌కే సరిపోతుంది, ఇంకో షాట్ కావాలంటే మళ్లీ లివర్. కంపెనీ పేరు మాత్రం అడక్కండి, కాసేపట్లో దాన్ని తిట్టబోతున్నాను.

మొదటి సంగతి బరువు. డబ్బాలోంచి తీసినప్పుడు ఏమీ అనిపించలేదు, కిలో పైన కొంచెం, అంతే కదా అనుకున్నా. ఈ ఆటలో ఒంటి చేత్తోనే పట్టుకోవాలి, రెండో చెయ్యి జేబులో. మీకు నమ్మకం లేకపోతే వంటింట్లోంచి కిలో కందిపప్పు ప్యాకెట్ తెచ్చి, చెయ్యి బారుగా చాచి, కదలకుండా అర నిమిషం నిలబడి చూడండి. పదో షాట్‌కి నా భుజం పట్టేసింది, ఇరవయ్యోదానికి లివర్ లాగడానికే అరచెయ్యి మండింది. అసలు పోటీలో 60 షాట్లు, 75 నిమిషాలు.

రెండోది గ్రిప్. చెక్కది, పాతాయన చేతికి తగ్గట్టు చెక్కించుకున్నది, ఆయన చెయ్యి రొట్టెల పెనమంత ఉండి ఉండాలి. నా వేళ్లు ట్రిగ్గర్‌ని సగమే అందుకున్నాయి. గరుకు కాగితం పెట్టి రెండు ఆదివారాలు అరగదీశాను, ఒకచోట ఎక్కువ పోయింది, అక్కడ చెక్కపొడి కలిపిన లప్పం నింపి మళ్లీ అరగదీశాను. చూడ్డానికి దరిద్రంగా ఉంది కానీ ఇప్పుడు కళ్లు మూసుకుని ఎత్తినా ఒకేచోట కూర్చుంటుంది. మొత్తం వ్యవహారంలో ఎక్కువ ఫలితం ఇచ్చింది ఈ పనే, ఖర్చు వంద రూపాయలు కూడా కాలేదు.

మూడోది ట్రిగ్గర్, తిట్టాల్సింది ఇక్కడ. నొక్కుతుంటే పాత తలుపు గడియ లాగినట్టు గరగరమంది. ఎయిర్ పిస్టల్‌కి ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువు ఆపాలని రూల్, అంతకంటే తేలిగ్గా ఉంటే పోటీకి రానివ్వరు. నేను ఖాళీ పిస్టల్‌ని మూతి పైకి పెట్టి ట్రిగ్గర్‌కి అర కిలో చక్కెర ప్యాకెట్ వేలాడదీశాను. ఉలకలేదు, పలకలేదు. ఇంకో పావు కిలో కలిపితే టక్కుమంది. లోపల సర్దుకునే స్క్రూ ఉందని మూడు వారాలకి గానీ తెలియలేదు, ఎందుకంటే దాంతోపాటు వచ్చిన కాగితంలో ఆ బొమ్మే లేదు.

ఇక స్కోరు. పది మీటర్ల దూరం, మొదటి కార్డు (మధ్యలో నల్ల చుక్క ఉన్న, వలయాలు గీసిన గురి కాగితం) మీద పది షాట్లకి వందకి 61. సహజంగానే పిస్టల్‌దే తప్పు అనుకున్నా. అప్పుడు చేసిన పని మీరూ చెయ్యండి, కొనేముందే చెయ్యండి: బల్ల మీద చిన్న ఇసుక సంచి, దాని మీద చెయ్యి ఆనించి, తొందరపడకుండా అయిదు షాట్లు. నా ‘పనికిమాలిన’ పిస్టల్ అయిదింటినీ చిటికెన వేలి గోరంత కన్నంలో పెట్టింది. పది గీత, అంటే పది మార్కులిచ్చే నడిమి వలయం, అడ్డకొలత 11.5 మిల్లీమీటర్లు. అంటే వస్తువు పది కొడుతోంది, అరవై ఒకటి కొట్టింది నేను.

ఎందుకలా అంటే, చెప్తా వినండి, ఇది నాకు అర్థం కావడానికి నెల పట్టింది. చెయ్యి వణికి పిస్టల్ మొత్తం అటూ ఇటూ 5 మిల్లీమీటర్లు జరిగిందనుకోండి, గురి చూసుకోడానికి పిస్టల్ మీద ఉండే ముందు సైటూ (పుల్ల) వెనక సైటూ (గాడి) ఒకే వరసలో ఉన్నంతసేపూ కార్డు మీద తేడా కూడా ఆ అయిదే, మధ్యకి గురి పెట్టి ఉంటే పదికి ఢోకా లేదు. అదే మణికట్టు కొంచెం వంగి, వెనక గాడిలో ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగితే? రెండు సైట్ల మధ్య దూరం 30 సెంటీమీటర్లు, కార్డు 10 మీటర్లు, లెక్క వేయండి, అక్కడ 33 మిల్లీమీటర్లు. పది మధ్యలో పడాల్సింది ఆరులో పడుతుంది. అందుకే కళ్లు పెట్టాల్సింది కార్డు మీద కాదు, ముందు సైటు మీద. నల్ల చుక్క మసకగా కనపడాలి, సైటు అంచు బ్లేడులా కనపడాలి. నేనేమో నల్ల చుక్కని చూస్తూ, వణుకు ఆగిన ఆ క్షణం పట్టుకుందామని ట్రిగ్గర్‌ని లటుక్కున లాగేవాణ్ణి. వణుకు ఆగదు, ఎవరికీ ఆగదు. ఆగదని ఒప్పుకుని మెల్లగా నొక్కడం మొదలుపెట్టాక అరవైలు డెబ్బై ఎనిమిదులయ్యాయి.

న్యాయం జరిగిందా అని అడిగారు. జరిగింది, రెండు తలనొప్పులతో. నెల తిరక్కుండా షాట్లు కిందకి పడటం మొదలైంది, లివర్ కూడా అనుమానంగా తేలికైంది, చూస్తే గాలి ఆపే సీలు ఎండిపోయింది. అమ్మినాయనకి ఫోన్ చేస్తే ‘అది మామూలే సార్’ అన్నాడు, అమ్మేటప్పుడు మామూలు సంగతి ఎందుకు చెప్పలేదో మరి. రెండోది, వెనక సైటు స్క్రూ ప్రతి యాభై షాట్లకీ వదులవుతుంది. దానికి మా ఆవిడ గోళ్ల రంగు ఒక చుక్క వేశాను, ఇప్పటిదాకా కదల్లేదు. గోళ్ల రంగు ఖరీదు మాత్రం ఇంకా కడుతూనే ఉన్నాను.

ప్రశ్న: దీనికి లైసెన్స్ కావాలా? పోలీసు టెన్షన్ ఉంటుందా? (ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: గొట్టం కన్నం 4.5 మిల్లీమీటర్లు, అంటే అంగుళాల్లో పాయింట్ 177 దాటకుండా, శక్తి 20 జౌళ్లు మించకుండా ఉన్న ఎయిర్ గన్‌కి 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్స్ అక్కర్లేదు. పోటీ పిస్టళ్ల శక్తి అందులో మూడో వంతు కూడా ఉండదు. షాపువాళ్లు గుర్తింపు కార్డు అడుగుతారు, పద్దెనిమిదేళ్లు నిండాయా అని చూస్తారు. పాయింట్ 22 ఎయిర్ గన్ అయితే కథ వేరు, దానికి లైసెన్స్ ఉండాల్సిందే. మందు పేలే అసలు పిస్టల్ సంగతైతే 1959 ఆయుధాల చట్టం, మీ ప్రాంతం ఏ కమిషనరేట్ కిందికి వస్తే అక్కడ దరఖాస్తు, ఎందుకు కావాలో కారణం చూపించడం, పోలీసు విచారణ, అదొక పెద్ద తతంగం.

లైసెన్స్ అక్కర్లేదంటే నడుముకి దోపుకుని తిరగొచ్చని కాదు. పది అడుగుల అవతలనుంచి చూసేవాడికి అది పిస్టలే. డబ్బాలో పెట్టి, తాళం వేసి, బిల్లు జిరాక్సు అందులోనే ఉంచి, ఇంటినుంచి రేంజ్‌కి (షూటింగ్ ప్రాక్టీస్ చేసే చోటికి), రేంజ్ నుంచి ఇంటికి, మధ్యలో ఇరానీ చాయ్ దగ్గర కూడా ఆగకండి. మెట్రో ఆలోచన అసలు పెట్టుకోకండి, ఆ స్కానర్ దగ్గర సంజాయిషీ చెప్పుకునేసరికి పొద్దు గూకుతుంది.

ప్రశ్న: అన్నా, మా బాల్కనీలో పావురాల బెడద భరించలేకపోతున్నాం. ఒకటి కొంటే ఆ పనీ అవుతుందా? (ఒక పాఠకుడు, అంబర్‌పేట)

జవాబు: కాదు తమ్ముడూ. వల కట్టించుకో. అపార్ట్‌మెంట్‌లో బాల్కనీ నుంచి పేల్చిన పెల్లెట్ (చిన్న సీసపు గుండు) ఎదురింటివాళ్ల కిటికీనో, కంటినో వెతుక్కుంటుంది, కన్ను పోతే తిరిగి రాదు. పక్షిని అలా చంపడం 1960 జంతుహింస నిరోధక చట్టం కింద నేరం కూడా. ఈ ఉత్తరాన్ని పేజీలో వేసింది ఇదే ప్రశ్న ఇంకో నలుగురు అడిగారు కాబట్టి.

ప్రశ్న: మాది రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్. హాల్లో ప్రాక్టీస్ కుదురుతుందా? (ఒక పాఠకురాలు, మియాపూర్)

జవాబు: పది మీటర్లంటే దాదాపు 33 అడుగులు. మీ హాల్లో అంత నేరుగా దొరికితే అది రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్ కాదు, ఫంక్షన్ హాల్. కానీ పెల్లెట్ లేకుండా చేసే డ్రై ప్రాక్టీస్‌కి ఖాళీ తెల్ల గోడ చాలు. గోడకి ఎదురుగా నిలబడి, కార్డు కూడా పెట్టుకోకుండా, ముందు సైటు మాత్రమే చూస్తూ ట్రిగ్గర్ నొక్కడం, టక్ అన్నాక కూడా రెండు సెకన్లు చెయ్యి దించకుండా సైటు ఎటు దూకిందో చూడటం. నేను రోజూ ఇరవై నిమిషాలు చేస్తాను, మా పనమ్మాయి మొదట్లో భయపడింది, ఇప్పుడు ‘సార్ గోడని కాలుస్తున్నాడు’ అని ఫోన్లో ఎవరికో చెప్తుంటే విన్నాను. ఒక జాగ్రత్త: నా రకంలో పంపు కొట్టకుండా ట్రిగ్గర్ ఒక్కటే సెట్ చేసుకోవచ్చు. గొట్టం కిందకి వంచి స్ప్రింగ్ బిగించే చౌక పిస్టళ్లలో పెల్లెట్ లేకుండా పేలిస్తే పిస్టన్, సీలు పాడవుతాయి, వాటితో ఈ పని చెయ్యకండి. నిజం పెల్లెట్లు కాల్చాలనే ఉంటే వెనక ఏటవాలు ఇనప రేకు ఉన్న పెట్టె కావాలి, చెక్క పలక పెడితే మీ మీదకే తిరిగి రావచ్చు, కళ్లద్దాలు లేకుండా నిలబడొద్దు, ఆ గదిలోకి తెరుచుకునే ప్రతి తలుపుకీ గడియ. అయిపోయాక చేతులు సబ్బుతో కడుక్కోండి, పెల్లెట్లు సీసంవి.

ప్రశ్న: మా పాపకి పన్నెండేళ్లు. ఒలింపిక్స్‌లో మనూ భాకర్‌ని చూసినప్పటినుంచి పిస్టల్ కొనమని ప్రాణం తీస్తోంది. మీరన్న చౌక రకం కొనివ్వనా? (ఒక తల్లి, మల్కాజిగిరి)

జవాబు: అమ్మా, కొనకండి, ఇప్పుడే వద్దు. పాప చెయ్యి ఇంకా పెరుగుతుంది, ఈరోజు సరిపోయిన గ్రిప్ వచ్చే ఏడాదికి ఇరుకవుతుంది. పైగా నా రకం లివర్ మూయడానికి పెద్దవాళ్లకే చెయ్యి నొప్పి పుడుతుంది. మంచి క్లబ్బుల్లో నేర్చుకునేవాళ్ల కోసం పిస్టళ్లు ఉంటాయి, మొదటి ఆరు నెలలు వాటితో కానివ్వండి. గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ వైపు ప్రభుత్వ రేంజ్ ఉంది, ఒక ఆదివారం పాపని తీసుకెళ్లి ఊరికే కూర్చోబెట్టండి. గంటసేపు ఎవరూ మాట్లాడకుండా నిలబడి, దించి, మళ్లీ ఎత్తడం చూశాక కూడా ‘కావాలి’ అంటే అప్పుడు ఫీజు కట్టండి.

మనూ భాకర్ 2024 పారిస్‌లో రెండు కంచు పతకాలు తెచ్చింది, 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో ఒకటి, సరబ్‌జోత్ సింగ్‌తో కలిసి మిక్స్‌డ్ టీమ్‌లో ఇంకోటి. కానీ పాపకి మన ఊరి అమ్మాయి పేరు కూడా చెప్పండి. ఈషా సింగ్ హైదరాబాదే, 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో వెండి పతకం గెలిచింది. రైఫిల్‌లో 2012 లండన్ కంచు పతకం తెచ్చిన గగన్ నారంగ్‌ది కూడా ఈ ఊరే.

ప్రశ్న: నా దగ్గరా సింగిల్ స్ట్రోకే. ఆర్నెల్లుగా 600కి 520 దగ్గర ఆగిపోయాను. రెండు లక్షల పిస్టల్‌కి మారితే స్కోరు పెరుగుతుందా? (ఒక పాఠకుడు, ఉప్పల్)

జవాబు: మీరు నాకు జవాబు చెప్పాల్సిన స్థాయిలో ఉన్నారు. అయినా అడిగారు కాబట్టి నా అభిప్రాయం. ముందు ఇసుక సంచి పరీక్ష చెయ్యండి, మూడు రకాల పెల్లెట్లతో. చదును మూతి పెల్లెట్లలోనే ఒక్కో గొట్టానికి ఒక్కోటి నచ్చుతుంది, నా దానికి అన్నిటికంటే ఖరీదైనవి అస్సలు పడలేదు, మధ్య రకం బాగా పడింది. మూడింటిలో ఏదో ఒకటి పది గీతలో పడుతుంటే గొట్టానికి తప్పు లేనట్టే. తర్వాత మీ కార్డులు తీసి, మొదటి ఇరవై షాట్లు, చివరి ఇరవై షాట్లు పక్కపక్కన పెట్టి చూడండి. చివర్లో బాగా పడిపోతుంటే అది లివర్ అలసట, ప్రాక్టీస్ షాట్లు కూడా కలుపుకుంటే డెబ్బై ఎనభైసార్లు లాగుతున్నారు మరి, అప్పుడు సిలిండర్ గాలితో నడిచే పీసీపీ రకానికి మారడంలో అర్థముంది. మొదటినుంచీ ఒకేలా ఉంటే రెండు లక్షలు పెట్టినా అదే 520 కొంచెం అందంగా వస్తుంది, ఆ డబ్బులో పదో వంతు కోచ్‌కి ఇవ్వండి.

పీసీపీ సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే ముందు సిలిండర్ మీద తేదీ చూడండి. అందులో 200 బార్ల ఒత్తిడి ఉంటుంది, చాలా కంపెనీలు పదేళ్ల గడువు ఇస్తాయి, గడువు దాటింది ఎంత తగ్గించి ఇచ్చినా వద్దనండి, కొత్త సిలిండర్ ధర కలుపుకుని బేరమాడండి. కొన్నాక మే నెల ఎండలో కారు డిక్కీలో వదిలెయ్యకండి.

నా స్కోరు ఎంతని ఉత్తరం చివర అడిగారు. పోయిన ఆదివారం 487. అందులో ఒక షాట్ పక్కాయన కార్డు మీద పడింది, అది ఆయనకి పది, నాకు సున్నా.