ఒక కోట, రెండు చర్చికోటలు చాలు

చిరంజీవి బుజ్జమ్మకు పెదనాన్న ఆశీస్సులు.

అమ్మానాన్నల్ని రుమేనియాలోని ట్రాన్సిల్వేనియా కోటలు చూపించడానికి నువ్వు పంపిన ప్లాన్ చూశాను. బ్రాన్, రిష్నోవ్, ప్రెజ్మెర్, విస్క్రి, సిగిషోవారా, బియెర్తాన్. ఒక్క రోజుకి ఆరు రాశావు. మ్యాపులో ఒకదాని పక్కన ఒకటి ఉన్నట్టే కనిపిస్తాయి గానీ, బ్రషోవ్ నగరం నుంచి సిగిషోవారా ఒక్కటే 120 కిలోమీటర్లు, రెండు గంటల దారి. అక్కణ్ణుంచి బియెర్తాన్ ఇంకో అరగంట పైమాటే. ఇవన్నీ ఒక్క రోజులో పెట్టావంటే అమ్మానాన్నలు చూసేది కోటల్ని కాదు, వ్యాను కిటికీని.

బ్రషోవ్‌ని మధ్యలో పెట్టుకుని చూడు. బ్రాన్, రిష్నోవ్ నైరుతి వైపు ఒకే దారిలో ఉన్నాయి: రిష్నోవ్ 15 కిలోమీటర్లు, బ్రాన్ 30. నువ్వు రాయని హర్మన్, ప్రెజ్మెర్ ఈశాన్యం వైపు: పది, పద్దెనిమిది. విస్క్రి, సిగిషోవారా, బియెర్తాన్ వాయవ్యం వైపు, చాలా దూరం. మొదటి రెండు దిక్కులూ ఒక రోజుకి సరిపోతాయి. మూడో దిక్కుకి వేరే రోజు కావాలి. నా మాట విని ఈ రోజుకి బ్రాన్ కోట, ప్రెజ్మెర్, హర్మన్ చర్చికోటలు పెట్టుకో. రిష్నోవ్ వదిలెయ్. కొండ ఎక్కాలి, బ్రాన్‌లో ఎక్కిన కాళ్లతో వెంటనే ఇంకో కొండంటే మీ నాన్న మధ్యాహ్నానికి కూలబడతాడు. అక్కడి బావి లోతు 140 మీటర్లు దాటుతుందని, ఇద్దరు తురుష్క ఖైదీలు పదిహేడేళ్లు తవ్వారని కథ చెబుతారు. కథ దారిలో గైడు చెప్పినా చాలు.

మనవాళ్లకి ముందే చెప్పి తీసుకెళ్లాల్సిన సంగతి ఒకటుంది. గోల్కొండ, గండికోట చూసిన కంటికి కోట అంటే రాజుగారిది. ఇక్కడి చర్చికోటలు రైతులవి. 12వ శతాబ్దం మధ్యలో హంగరీ రాజు రెండో గేజా సరిహద్దు కాపలాకి, సేద్యానికి జర్మన్ మాట్లాడే జనాన్ని పిలిపించి భూములిచ్చాడు. వాళ్లని సాక్సన్లంటారు. 1241లో మంగోలులు ఊళ్లు తగలబెట్టారు, ఆ తర్వాత ఒట్టోమన్ తురుష్కుల దాడులు. ప్రతి పల్లెకీ కోట కట్టించే రాజు ఎక్కడుంటాడు? అందుకని ఊళ్లో ఉన్న ఒకే ఒక్క రాతి కట్టడం చుట్టూ, అంటే చర్చి చుట్టూ, వాళ్లే గోడ లేపుకున్నారు. తెలంగాణ పల్లెల్లో ఊరి మధ్య నిలబడి ఉండే బురుజు గుర్తుందా? దొంగల దండు వస్తోందంటే ఊరివాళ్లు కాచుకున్న చోటు. దాన్ని ఊరంతా పట్టేంత పెద్దది చేసి, మధ్యలో గుడి పెట్టినట్టు ఊహించుకోమని అమ్మకి చెప్పు, ఠక్కున అందుకుంటుంది. ఇలాంటివి ట్రాన్సిల్వేనియాలో ఇప్పటికీ సుమారు 150 నిలిచి ఉన్నాయి.

ఇక రోజు ఎంచుకోవడం. మంగళవారం నుంచి శుక్రవారం లోపు ఏదైనా పరవాలేదు. సోమవారం బ్రాన్ కోట మధ్యాహ్నం 12కి గానీ తెరవరు, దాంతో నీ క్రమమంతా తలకిందులవుతుంది. ఆదివారం ఉదయం చర్చిల్లో ప్రార్థన ఉంటుంది, ఆ సమయంలో కెమెరాలతో లోపల తిరగడం మర్యాద కాదు, తిరగనివ్వరు కూడా. శనివారం రాజధాని బుఖారెస్ట్ జనం సగం కొండల మీదే ఉంటారు. తిరుగు ప్రయాణం బుఖారెస్ట్ మీదుగా అయితే ఆదివారం సాయంత్రం రోడ్డెక్కకు. ప్రహోవా లోయలో డీఎన్ 1 రోడ్డు మీద బండ్లు చీమల బారులా నిలిచిపోతాయి. ఆ రోజే వెళ్లక తప్పదంటే రైలు పట్టుకో.

బ్రషోవ్‌లో 8 గంటలకి బయల్దేరండి, 8:15 దాటొద్దు. బ్రాన్ గేటు తొమ్మిదికి తీస్తారు. బుఖారెస్ట్ నుంచి పొద్దున్నే బయల్దేరిన బస్సులు పదకొండు ప్రాంతంలో దిగుతాయి, వాటికంటే ముందే మీరు లోపలికి వెళ్లి బయటికి వచ్చెయ్యాలి. టికెట్లు ముందురోజు రాత్రి ఆన్‌లైన్‌లో కొనేయ్. బ్రాన్ లోపల మెట్లు ఇరుకు. మొదటి అంతస్తు నుంచి మూడో అంతస్తుకి గోడ లోపల్నుంచే ఎక్కే రాతిమెట్లు ఉన్నాయి, ఒక్క మనిషి మాత్రమే పడతాడు. ముందున్నవాడు ఫోటో కోసం ఆగితే వెనకున్న ముప్పైమందీ ఆగాలి. అందుకే పొద్దున్నే వెళ్లమనడం. గంటన్నర చాలు.

బ్రాన్ గురించి గైడు డ్రాక్యులా దగ్గర మొదలుపెట్టి డ్రాక్యులా దగ్గరే ఆపితే అతను పని చెయ్యట్లేదన్నమాట. ఆ నవల 1897లో ఇంగ్లీషులో వచ్చింది, రాసినాయన ఈ గడ్డ మీద కాలే పెట్టలేదు. డ్రాక్యులాతో ముడిపెట్టే వ్లాద్ త్సెపెష్ అనే రాజు ఏలింది కొండల అవతలి వలాకియాని, బ్రాన్ ఆయన ఇల్లు కాదు. అసలు కథ ఇంకా బాగుంటుంది: 1377లో హంగరీ రాజు మొదటి లాయోష్ బ్రషోవ్ సాక్సన్లకి, మీ ఖర్చుతో మీరే ఇక్కడ రాతికోట కట్టుకోండని అనుమతి పత్రం ఇచ్చాడు. ఎందుకు? కిందనున్న కనుమ వర్తకుల దారి. కోట ఆ దారికి కాపలా, సుంకం వసూలు చేసే చోటు. కిటికీలోంచి కిందికి చూపించి "ఈ దారిలో బండి వస్తే ఎక్కడ ఆపేవారు?" అని అడుగు. జవాబు చెప్పగలిగితే గైడు మంచివాడే. లోపలి గదుల సామాను మాత్రం మధ్యయుగానిది కాదు. 1920లో బ్రషోవ్ పురపాలకులు కోటని రుమేనియా రాణి మరియాకి కానుకగా ఇచ్చాక ఆమె అమర్చుకున్న ఇల్లు అది.

గైడు విషయం ఇక్కడే చెప్పేస్తాను. రుమేనియాలో గైడుకి ప్రభుత్వ గుర్తింపు కావాలి, దాన్ని "అతెస్తాట్" అంటారు, బ్యాడ్జి ఉంటుంది. అడిగితే చూపించాలి. డబ్బు పంపే ముందు మూడు ప్రశ్నలు రాతపూర్వకంగా అడుగు. ఒకటి, చెప్పిన రేటులో ప్రవేశ టికెట్లు కలిశాయా? సాధారణంగా కలవవు, అది గొడవ కాదు గానీ ముందే తెలియాలి. రెండు, గైడు లోపలికి వస్తాడా, గేటు దగ్గర దింపి బండిలో కూర్చుంటాడా? డ్రైవరే గైడైనప్పుడు ఎక్కువసార్లు జరిగేది రెండోదే. దారి పొడవునా మాట్లాడతాడు, అసలు చెప్పాల్సిన చోట ఉండడు. బ్రాన్‌లో పరవాలేదు, బోర్డులున్నాయి. ప్రెజ్మెర్‌లో గైడు పక్కన లేకపోతే సగం పోయినట్టే. మూడు, భోజనం ఎక్కడ? "మంచి చోటు తెలుసు" అంటే, ఎంతసేపు పడుతుందో అడుగు. పెద్ద హోటల్లో కూర్చోబెడితే రెండు గంటలు మింగేస్తుంది, కోత పడేది హర్మన్‌కే.

భోజనం బ్రషోవ్‌లోనే పెట్టుకో, ఎలాగూ బ్రాన్ నుంచి ప్రెజ్మెర్‌కి ఆ ఊరి మీదుగానే వెళ్లాలి. అమ్మ గుడ్డు కూడా ముట్టదు కాబట్టి "వెజిటేరియన్" అన్న మాట సరిపోదు, "దె పోస్ట్" అని అడుగు. ఆర్థడాక్స్ క్రైస్తవుల ఉపవాస భోజనం అది: మాంసం, గుడ్డు, పాలు ఏవీ ఉండవు. జకుస్కా దొరికితే తీసుకో. వంకాయ, ఎర్ర క్యాప్సికం కాల్చి ఉల్లిపాయ, టమాటాతో నూనెలో మగ్గబెట్టిన పచ్చడి, రొట్టె మీద రాసుకుంటారు. కారం ఉండదు, మన పొడి డబ్బా సంచిలో పెట్టుకో. సలాతా దె వినెతె అనేది కూడా కాల్చిన వంకాయే గానీ దాంట్లో తరచూ మయోనీజ్ కలుపుతారు, అంటే గుడ్డు. మమలిగా అంటే మొక్కజొన్న పిండి సంకటి, మీ నాన్నకి నచ్చుతుంది. కూరగాయల చోర్బా (పుల్లటి సూపు) అని రాసి ఉన్నా మాంసం ఉడికించిన నీళ్లతో చేశారా అని అడగక తప్పదు.

ఒంటిగంటన్నరకి ప్రెజ్మెర్. ఈ రోజంతటికీ అసలు చోటు ఇదే. గంటన్నర కంటే తక్కువ ఇవ్వకు.

బయటి నుంచి సున్నం కొట్టిన గుండ్రటి గోడ, ఎర్ర పెంకుల కప్పు, అంతే కనిపిస్తుంది. గోడ 12 మీటర్ల దాకా ఎత్తు, మందం మూడు నాలుగు మీటర్లు. ఒకప్పుడు చుట్టూ నీళ్ల కందకం ఉండేది. లోపలికి పోయే దారి సొరంగంలా దాదాపు 30 మీటర్లుంటుంది. అది దాటి ప్రాంగణంలోకి రాగానే ఎవరినీ చర్చి వైపు పోనివ్వకు. వెనక్కి తిరిగి గోడ లోపలి ముఖం చూడమను. పావురాల గూళ్లలా వరసలు వరసలుగా తలుపులు: 270కి పైగా గదులు, కొన్ని చోట్ల నాలుగు అంతస్తులు, బయటినుంచే ఎక్కే చెక్కమెట్లు. కుటుంబానికి ఒక గది, తలుపు మీద నంబరు. శాంతి కాలంలో అది ఆ ఇంటి గాదె. దండు వస్తే అదే ఇల్లు. ముట్టడి జరుగుతున్నా పిల్లల చదువు ఆగకుండా లోపలే బడి గది కూడా పెట్టుకున్నారు, అది అడిగి చూడండి. యాభైసార్లు దాడి చేసినా ఒక్కసారే, 1611లో ట్రాన్సిల్వేనియా పాలకుడు గాబ్రియేల్ బాతోరీకి లొంగిందని చెబుతారు.

తర్వాత పైన కప్పు కింద కాపలా నడవా. చీకటి, చెక్క నేల, తల తగిలే దూలాలు. ఫోన్ టార్చ్ వేసుకునే నడవాలి. గోడలో తుపాకీ సందులు, కిందికి మరిగేది పోసే కంతలు కనిపిస్తాయి. కొన్ని గొట్టాలు ఒకే చట్రానికి బిగించి అన్నీ ఒకేసారి పేల్చే ఆయుధానికి "చావు ఆర్గాన్" అని పేరు పెట్టారు, చర్చి వాయిద్యం పేరే. అమ్మని ఈ నడవాలోకి తీసుకెళ్లకు. చీర కుచ్చిళ్లకీ ఆ చెక్కమెట్లకీ పడదు, మోకాళ్లకీ పడదు. ఆమె కింద ప్రాంగణంలో కూర్చుంటే ఆ తలుపులన్నీ అక్కణ్ణుంచే కనిపిస్తాయి. చర్చి ఆఖర్న చూడండి. 1218లో ట్యూటానిక్ యోధులు (జర్మన్ క్రైస్తవ సైనిక సంఘం) మొదలుపెట్టారు, వాళ్లని రాజు వెళ్లగొట్టాక సిస్టర్షియన్ సన్యాసుల చేతికొచ్చింది. లోపల 15వ శతాబ్దపు మూడు రెక్కల చిత్రపు పీఠం ఉంది. మిగతా గోడలు బోసిగా ఉంటాయి, ఎందుకంటే సాక్సన్లు 1540లలో లూథరన్, అంటే ప్రొటెస్టంట్, మతానికి మారారు. అప్పుడు చాలా చర్చిల్లో గోడబొమ్మల మీద సున్నం కొట్టేశారు.

ఆ పోయిన బొమ్మలు ఎలా ఉండేవో చూడటానికే హర్మన్. పావుగంట దారి. తూర్పు బురుజులోని చిన్న ప్రార్థన గదిలో 15వ శతాబ్దపు అంతిమ తీర్పు (లోకాంతాన దేవుడు చెప్పే తీర్పు) చిత్రాలు మిగిలాయి. ఫ్లాష్ వాడొద్దని పిల్లలకి చెప్పు. ముప్పావుగంట చాలు. ఊరి జర్మన్ పేరు హోనిగ్‌బెర్గ్, తేనెకొండ. అయిదుకల్లా బ్రషోవ్‌లో ఉంటారు.

ఇంకో రోజు మిగిలితే విస్క్రి. పేరే "వైస్‌కిర్ష్" అన్న జర్మన్ మాట నలిగి వచ్చింది, తెల్ల చర్చి అని. కారు ఊరి మొదట్లో వదిలి నడవాలి. బ్రిటన్ రాజు చార్ల్స్ యువరాజుగా ఉన్నప్పుడు 2006లో అక్కడో ఇల్లు కొన్నాడు. గైడ్లు ఆ ఇంటి ముందు అక్కర్లేనంతసేపు నిలబెడతారు. దానికంటే పంది కొవ్వు బురుజు గురించి అడుగు. ఉప్పు పట్టించిన కొవ్వు పలకలు చల్లగా ఉంటుందని ఊరందరివీ ఒకే బురుజులో వేలాడదీసేవారు. ఒక్కోదాని మీద ఆ ఇంటి ముద్ర. ఆదివారం తలుపు తీసినప్పుడు వారానికి కావలసినంత కోసుకుని, కోసిన అంచు మీద మళ్లీ ముద్ర కొట్టేవారు, పక్కింటివాడు చెయ్యి పెడితే తెలిసిపోవాలని.

దారిలో పేరు తెలియని చర్చికోట కనపడి తలుపు మూసి ఉంటే నిరాశపడకు. చాలా ఊళ్లలో సాక్సన్లు మిగల్లేదు, 1990లో అటూ ఇటూగా ఎక్కువమంది జర్మనీ వెళ్లిపోయారు. తాళంచెవి పక్క ఇంట్లో ఎవరో పెద్దావిడ దగ్గర ఉంటుంది. గేటు మీద ఫోన్ నంబరు అంటించి ఉంటుంది, గైడుతో రుమేనియన్‌లో ఫోన్ చేయించు. చేతిలో పది, ఇరవై లెయి (రుమేనియా డబ్బు) నోట్లు ఉండాలి, అక్కడ కార్డు గీయడానికి ఏమీ ఉండదు.

మిగతావి గబగబా. అందరికీ అడుగు జారని బూట్లు, చెప్పులు వద్దు. అన్ని చోట్లా గుండ్రాళ్ల నేలే. జూన్‌లో కూడా రాతిగోడల లోపల చలి, అమ్మకి శాలువా. మనిషికి లీటరు నీళ్లు. నువ్వు తీయించిన జర్మనీ వీసా అమ్మానాన్నలకి చెల్లుతుంది, 2025 జనవరి 1 నుంచి రుమేనియా భూ సరిహద్దులతో సహా షెంగెన్‌లో, అంటే ఒకే వీసా చెల్లే యూరప్ దేశాల కూటమిలో ఉంది. వీసా మీద రోజుల లెక్క మాత్రం ఒకసారి సరిచూసుకో. పాస్‌పోర్టులు హోటల్లో పెట్టి జిరాక్సులు పట్టుకెళ్లండి.

ప్లాన్ మార్చాక గైడు రాసిన జవాబులు నాకు పంపు, రెండో ప్రశ్నకి ఏమన్నాడో చూస్తాను.

ఇట్లు,
పెదనాన్న