యావరేజ్ పక్కన ఆ ఏడాది లీగ్ సగటు కూడా రాసుకో

చిరంజీవి చిన్నాకి పెదనాన్న ఆశీస్సులు.

బేస్‌బాల్ పాత లెక్కల మీద పడ్డావని మీ నాన్న చెప్తే చాలా సంతోషమేసింది. నువ్వు పంపిన పట్టిక మొత్తం చదివాను. అందులో న్యూయార్క్ జెయింట్స్ ఆటగాడు బిల్ టెర్రీని పైన పెట్టి, బోస్టన్ రెడ్ సాక్స్ ఆటగాడు కార్ల్ యాస్ట్రెమ్‌స్కీని ఎక్కడో అడుక్కి తోసేశావు. టెర్రీ 1930లో .401 యావరేజ్ కొట్టాడు, అంటే వెయ్యి అవకాశాలకు 401 హిట్ల లెక్కన (బంతి కొట్టి క్షేమంగా బేస్ చేరితే హిట్). యాస్ట్రెమ్‌స్కీ 1968లో .301 కొట్టాడు. అంకెలు రెండూ సరైనవే. కానీ ఏడాది చూడకుండా వాటిని పోల్చకు.

మేజర్ లీగ్‌లో నేషనల్, అమెరికన్ అని రెండు లీగ్‌లు. 1930లో టెర్రీ ఆడిన నేషనల్ లీగ్ మొత్తం సగటే .303. బ్యాటింగ్ అంతగా రాని పిచ్చర్లను (బంతి విసిరేవాళ్ళను) కూడా కలిపితేనే అంత వచ్చింది! ఫిలడెల్ఫియా ఫిలీస్ జట్టంతా కలిసి .315 కొట్టి కూడా 102 మ్యాచ్‌లు ఓడి అట్టడుగున మిగిలింది. అలాంటి ఏడాదిలో మామూలు బ్యాటరే మూడొందల (.300) దగ్గర ఉంటాడు.

1968 దీనికి పూర్తిగా తలకిందులు. యాస్ట్రెమ్‌స్కీ ఆడిన అమెరికన్ లీగ్ సగటు .230. అటు నేషనల్ లీగ్‌లో పిచ్చర్ బాబ్ గిబ్సన్ 1.12 ఈఆర్ఏతో (తొమ్మిది ఇన్నింగ్స్‌కు పిచ్చర్ ఖాతాలో పడే పరుగుల సగటుతో) సీజన్ ముగించాడు. బ్యాటర్ల పరిస్థితి చూసి మరుసటి ఏడాది మౌండ్ (పిచ్చర్ నిలబడి విసిరే దిబ్బ) ఎత్తును 15 అంగుళాల నుంచి 10కి దించారు, స్ట్రైక్ జోన్‌ను (బ్యాటర్ కొట్టకపోయినా బంతి అతనికి వ్యతిరేకంగా లెక్కపడే ప్రాంతాన్ని) కుదించారు. ఆ ఏడాది అమెరికన్ లీగ్‌లో మూడొందలు దాటిన వాడు యాస్ట్రెమ్‌స్కీ ఒక్కడే. బ్యాటింగ్ టైటిల్ (లీగ్‌లో అత్యధిక యావరేజ్‌కు దక్కేది) గెలిచిన యావరేజ్‌లన్నిటిలో అతనిదే అతి తక్కువ. దాన్ని చిన్నచూపు చూసేవాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది.

ఇప్పుడు కాలిక్యులేటర్ తీసుకో. ఎవరి యావరేజ్‌ను వాళ్ళ లీగ్ సగటుతో భాగించు. టెర్రీ తన సాటివాళ్ళ కన్నా దాదాపు 32 శాతం పైన ఉంటాడు, యాస్ట్రెమ్‌స్కీ 31 శాతం పైన. వంద పాయింట్ల తేడా ఏమైందో చూశావా?

అక్కడితో ఆగకు. బ్యాటింగ్ యావరేజ్‌లో వాక్‌లు (పిచ్చర్ నాలుగు బంతులు గురి తప్పి వేస్తే బ్యాటర్‌కు ఊరికే దక్కే మొదటి బేస్) లెక్కకు రావు. యాస్ట్రెమ్‌స్కీకి ఆ ఏడాది 119 వాక్‌లు వచ్చాయి, టెర్రీకి 57. బేస్ మీదకు చేరిన శాతం చూస్తే టెర్రీది .452, యాస్ట్రెమ్‌స్కీది .426. లీగ్‌తో పోల్చకముందే తేడా అంత తగ్గిపోయింది, పోల్చాక యాస్ట్రెమ్‌స్కీయే ముందుంటాడు. అందుకే నీ పట్టికలో యావరేజ్ పక్కన ఈ కాలమ్ తప్పకుండా పెట్టు. మైదానాల సంగతి కూడా చూడాలి. బోస్టన్ ఫెన్‌వే పార్క్ బ్యాటర్లకు అనుకూలం, కాబట్టి యాస్ట్రెమ్‌స్కీ అంకెల్లోంచి కొంత తగ్గించి చూడటం న్యాయం.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట. సాటివాళ్ళతో పోలుస్తున్నామంటే ఆ సాటివాళ్ళు ఎవరో కూడా అడగాలి కదా. టెర్రీ ఆడిన రోజుల్లో నల్లజాతి ఆటగాళ్ళను మేజర్ లీగ్‌లోకి రానివ్వలేదు. 1947లో జాకీ రాబిన్సన్ వచ్చేదాకా ఆ తలుపు మూసే ఉంది. జాష్ గిబ్సన్ లాంటి వాళ్ళు నల్లజాతి ఆటగాళ్ళకు వేరుగా నడిచిన నీగ్రో లీగ్స్‌లోనే ఆడి జీవితం గడిపారు. ఆ లీగ్‌ల లెక్కలను 2024లో మేజర్ లీగ్ అధికారిక రికార్డుల్లో కలిపాక, కెరీర్ యావరేజ్‌లో జాష్ గిబ్సన్ .372తో, అప్పటిదాకా మొదట ఉన్న టై కాబ్‌ను దాటి మొదటి స్థానానికి వచ్చాడు. అలాగని టెర్రీ .401 విలువ తగ్గదు, అతను నిజంగా గొప్ప బ్యాటర్. కానీ ఆ 32 శాతం ఎవరి మీద లెక్కగట్టిందో నీ పట్టిక చదివేవాళ్ళకు తెలియాలి. 1947కి ముందు వరుసలన్నిటికీ ఒక గుర్తు పెట్టి, కింద ఆ మాట రాయి.

సవరించాక మళ్ళీ పంపు. బేబ్ రూత్ 1920 కూడా చేర్చు. అతనివి 54 హోమ్ రన్లు (క్రికెట్‌లో సిక్సర్ లాంటివి), అదే లీగ్‌లో రెండో స్థానంలో ఉన్న జార్జ్ సిస్లర్‌వి 19.

ఆశీస్సులతో,
పెదనాన్న